కరీంనగర్ వెండి తీగ కమ్మలు: ఏళ్ల తరబడి పెట్టుకున్నాక నా మాట

కరీంనగర్ ఫిలిగ్రీ, అంటే సన్నటి వెండి తీగలు చుట్టి చేసే నగలు, కొనాలా వద్దా అని అడిగేవాళ్లంతా ముందు అడిగేది ఒకటే, నల్లబడుతుందా అని. నల్లబడుతుంది, వెండి కదా. అదేం పెద్ద సమస్య కాదు, దాని సంగతి తర్వాత చెప్తా. అసలు చూసుకోవాల్సింది ఆ వస్తువు ఎవరి చేతిలో తయారైంది, రేపు ఒక తీగ ఊడితే మళ్లీ వాళ్ల దగ్గరికి వెళ్లగలమా అన్నది.

నా దగ్గర ఉన్నవి ఒక జత బుట్టకమ్మలు, ఒక నెమలి పెండెంట్. మా పుట్టిల్లు కరీంనగర్ కావడంతో షాపులో కాకుండా పని చేసే ఆయన దగ్గరే కూర్చుని చెప్పి చేయించుకున్నా. పదేళ్లు దాటింది. పెండెంట్ పండగలకే గానీ కమ్మలు మాత్రం ఆఫీసుకు కూడా పెట్టుకుంటా, అంటే బస్సులు, చెమట, హెల్మెట్ అన్నీ చూసినవే. ఇప్పటికీ ఆకారం చెడలేదు. బుట్టలోపల అంతా ఖాళీయే కాబట్టి పెట్టుకున్నట్టే ఉండదు. ఇంత సైజు బుట్ట బంగారంలో చేయిస్తే చెంపసరాలు లేకుండా మోయడం నా వల్ల కాదు. గిల్టు నగలు పెట్టుకుంటే నా చెవులు రెండో రోజుకే పుండ్లు పడతాయి, వీటితో ఎప్పుడూ ఆ బాధ రాలేదు.

పని ఎలా చేస్తారో దగ్గరుండి చూశాక గానీ మజూరీ ఎందుకంత చెప్తారో అర్థం కాలేదు. వెండిని మూసలో కరిగించి కడ్డీ పోసి, రోలర్‌లో సాగదీసి, ఆ తర్వాత వరుసగా చిన్నవవుతూ పోయే బెజ్జాల పలకలోంచి ఒక్కో బెజ్జం దాటిస్తూ లాగుతారు. అలా వెంట్రుకకు దగ్గరగా వచ్చిన తీగలు రెండు తీసుకుని కలిపి మెలేసి, దాన్ని మళ్లీ చదును చేస్తారు. ఈ చదును చేయడంలోనే అసలు అందమంతా ఉంది, ఎందుకంటే ఆ మెలిక వల్ల తీగ అంచు స్క్రూ మీది మరల్లాగా సన్నటి గీతలతో వస్తుంది, వెలుతురు పడినప్పుడు తళుక్కుమనేది ఆ గీతలే. కొంచెం మందం తీగతో ఆకు, రెక్క, నెమలి మెడ లాంటి చట్రం కట్టి, ఈ సన్నతీగను పట్టకారుతో చుట్టలు చుట్టి లోపల కిక్కిరిసేలా నింపుతారు. పైన టాంకా పొడి, అంటే కరిగి తీగల్ని అతికించే లోహప్పొడి, వెలిగారం చల్లి మంట పెడతారు. ఇక్కడ మంట ఒక్క క్షణం ఎక్కువ ఆగిందా, టాంకాతో పాటు లోపలి తీగ కూడా కరిగి ముద్దవుతుంది, మొదటి నుంచి చేసుకోవాల్సిందే. "ఇది మిషన్ల చేస్తలేరా కాకా" అని అడిగితే ఆయన తల కూడా ఎత్తకుండా "తీగ గుంజుటానికి మిషనున్నది బిడ్డా, పువ్వు కట్టుటానికి లేదు" అన్నాడు.

అందుకే నా రెండు కమ్మలూ అచ్చు ఒకేలా ఉండవు, ఎడమ బుట్ట మీద ఒక ఆకులో చుట్టలు కాస్త వదులుగా ఉన్నాయి. నాకది ఇష్టమే. మీకు అచ్చు గుద్దినట్టు ఉండాలంటే వెండిని అచ్చులో పోసి చేసిన పోత వస్తువు కొనుక్కోండి, ఫిలిగ్రీ పేరుతో అవీ బోలెడు అమ్ముతున్నారు. తేడా పట్టడం కష్టమేం కాదు. వెనక్కి తిప్పి ఫోన్ కెమెరాలో జూమ్ చేసి చూడండి. పోతదైతే తీగలు నున్నగా, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి, బరువు కూడా ఎక్కువ. చేత్తో కట్టినదైతే అంచున ఆ మర గీతలు, విడివిడిగా చుట్టలు, అక్కడక్కడా టాంకా చుక్క కనిపిస్తాయి. కరీంనగర్ పనికి 2007లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఆ ఊరి ప్రత్యేకమైన పని అనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఒడిశాలోని కటక్‌లో ఇలాగే వెండి తీగతో చేసే తారకసికి 2024లో వచ్చింది, ఎగ్జిబిషన్లలో రెండూ పక్కపక్కనే పెడతారు, రెండూ మంచివే. కానీ ఆ పేరు బోర్డు మీద ఉంటే సరిపోదు, వస్తువు తిప్పి చూడాల్సిందే.

ఇక రిపేరు. మా ఆడపడుచు కూడా ఇలాంటి కమ్మలే చేయించుకుంది. కొక్కెం ఊడితే హైదరాబాద్‌లో ఇంటి దగ్గరున్న ఒక నగల షాపులో ఇచ్చింది. వాళ్లు మామూలు వెండి పట్టీకి పెట్టినట్టు మంట పెట్టేసరికి కొక్కెం గట్టిగానే అతుక్కుంది గానీ దాని కింద పువ్వు మొత్తం నున్నటి ముద్దయిపోయింది. అడిగితే "ఇంత సన్నగా ఉంటే ఇంతేనమ్మా" అన్నారట. నా కమ్మకు అదే కొక్కెం ఊడినప్పుడు కరీంనగర్ పంపిస్తే ఎక్కడ అతికారో కూడా తెలియకుండా వచ్చింది. చేసినవాళ్లు అందుబాటులో లేకపోతే ఈ నగ కొనొద్దు అనేది అందుకే.

నలుపు విషయానికొస్తే, విబూది, పళ్లపొడి, చింతపండు దగ్గరికి రానివ్వకండి, పొడి తీగల మధ్య ఇరుక్కుని బయటికి రాదు. మామూలు మురికికి గోరువెచ్చటి నీళ్లు, కుంకుడు రసం, చిన్నపిల్లల బ్రష్ చాలు. బాగా నల్లబడితే గిన్నె అడుగున అల్యూమినియం ఫాయిల్ పరిచి, వేడినీళ్లలో వంటసోడా, కాస్త ఉప్పు వేసి, కమ్మలు ఫాయిల్‌కు తగిలేలా ఉంచండి. నలుపంటే వెండితో గంధకం కలిసి కట్టిన పొర, అందులోని గంధకాన్ని అల్యూమినియం లాగేసుకుంటుంది, వెండి అరగదు. కాస్త కుళ్లిన గుడ్డు వాసన వస్తే కంగారు పడకండి. ముత్యాలు, రాళ్లు పొదిగినవి, కావాలని నల్ల ఫినిషింగ్ ఇచ్చినవి మాత్రం ఇందులో వేయొద్దు. కడిగాక పూర్తిగా ఆరబెట్టి జిప్ కవర్లో పెడితే నెలల తరబడి తెల్లగానే ఉంటాయి.

నచ్చనివీ ఉన్నాయి. బుట్ట అంచులకు జుట్టు చిక్కుకుంటుంది, షిఫాన్ చున్నీ అయితే పోగులు లాగేస్తుంది. పాత నగ మార్చుకుందామంటే తూకానికి వెండి ధరే ఇస్తారు, పెట్టిన మజూరీ అంతా పోయినట్టే. నా కమ్మలకైతే వెండి కంటే పనికే ఎక్కువ అయింది, కాబట్టి గ్రాముకి ఎంత పడింది అని లెక్కలేసుకునేవాళ్లకు ఇది సరిపడదు. బంగారంలా వెండికి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, ఎంత శాతం వెండో బిల్లులో రాయించుకోవడం మన పనే.

ఉంగరాలు, గాజులు మాత్రం రోజూ పెట్టుకోవడానికి అసలు వద్దు. తలుపు గడియకో బండి హ్యాండిల్‌కో నొక్కుకుంటే చట్రం వంగి లోపలి చుట్టలు ఊడొస్తాయి. కమ్మలు, పెండెంట్లు, కుంకుమ భరిణె, ఇవి నిశ్చింతగా తీసుకోవచ్చు. చేయించుకునేటప్పుడే కొక్కెం కాస్త మందం తీగతో పెట్టమని చెప్పండి, అడిగితే పెడతారు.