బరంపురం ఎఫ్‌ఎం: పాట కంటే ప్రకటనే పొడుగు

ఇచ్ఛాపురం నుంచి బరంపురం ఉద్యోగానికి రోజూ కారులో వెళ్లేవాళ్లకి ఈ ప్రైవేటు ఎఫ్‌ఎం ఇక దండగ, రెండు స్టార్లు కూడా ఎక్కువే. ఒకప్పుడు పొద్దున్నే ఒడియా పాటల మధ్య మన తెలుగు పాట ఒకటి పడేది, గిరి రోడ్డులో జామ్ అయితే ముందే చెప్పేవారు. ఇప్పుడు బంగారం కొట్టు, కోచింగ్ సెంటర్, మళ్లీ అదే బంగారం కొట్టు!

మాట్లాడేవాళ్లు ఏ ఊళ్లో కూర్చున్నారో గానీ ఇక్కడ కుండపోతగా వాన పడుతుంటే ఎండ గురించి జోకులేస్తారు. ప్రైవేటు ఎఫ్‌ఎంల మీద కేంద్రం 2011లో తెచ్చిన పాలసీ వచ్చాక ఒకే కంపెనీ తన స్టేషన్లన్నిటికీ ఒకే ప్రోగ్రాం పంపుకోవచ్చు, అందుకేనేమో. ప్రైవేటు ఎఫ్‌ఎంలు సొంత వార్తలు చెప్పకూడదన్న రూల్ ఉంది సరే, ట్రాఫిక్, వాతావరణం చెప్పడానికి అడ్డేముంది? ప్రస్తుతానికి ఆకాశవాణికి మార్చేశా.