పెద్దవాళ్లకి ఫ్లిప్ ఫోన్ కొనేముందు, షాపులోనే ఒకసారి మూసి చూడండి

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇంట్లో పెద్దవాళ్ల కోసం కీప్యాడ్ ఫ్లిప్ ఫోన్, అంటే మూతలా మడిచి మూసే ఫోను, చూస్తున్నవాళ్లకి ఇది. పెద్ద అంకెలు, ఆపదలో నొక్కే ఎర్రటి ఎస్‌ఓఎస్ బటన్, అద్దంలా మెరిసే మూత, ధర మూడు వేల లోపు. ఈ రకం ఇప్పుడు చాలా షాపుల్లో కనబడుతోంది. శ్రీకాకుళంలో ఒక షాపులో మా అమ్మకి అలాంటిదే తీసుకున్నాం. ప్రస్తుతం అది డబ్బాలో ఉంది, అమ్మ మళ్లీ తన పాత చిన్న ఫోనుకే వచ్చేసింది. డబ్బు పోయిందన్న బాధ కన్నా, పెద్దవాళ్లు ఎలా వాడతారో ఒక్క పూట కూడా చూడకుండా తయారు చేసిన వస్తువుని "పెద్దవాళ్ల ఫోను" అని అమ్ముతున్నారన్న కోపమే నాకు ఎక్కువ.

అసలు ఫ్లిప్ ఎందుకు చూశామో చెబుతాను. అమ్మ ఉండేది పలాస దగ్గర ఉద్దానంలో. ఏళ్ల తరబడి జీడిపిక్కలు కొట్టిన చేతులు. ఆ పిక్కల తొక్కలో ఉండే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది, వేళ్ల కొసలు మొద్దుబారి గరుకెక్కిపోతాయి. టచ్ ఫోను ఆమె వేలిని సరిగ్గా గుర్తించదు. గుర్తించినా ఒకటి నొక్కితే ఇంకోటి తెరుచుకుంటుంది. పైగా 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. సిగ్నల్ లేక మాట్లాడ్డం కుదరకపోయినా చిన్న ఫోనులో టార్చి మాత్రం వెలుగుతూనే ఉంది. అప్పటినుంచి ఆమె నమ్మకమంతా చిన్న ఫోను మీదే. కాకపోతే దాన్ని సంచిలో పడేస్తే బటన్లు నొక్కుకుపోయి ఎవరెవరికో కాల్స్ వెళ్లిపోయేవి. మూత ఉంటే ఆ గొడవ ఉండదు కదా అని ఫ్లిప్ చూశాం. ఆ ఒక్క పనీ ఇది చక్కగా చేస్తుంది, కాదనను.

గొడవంతా ఫోను మోగినప్పుడు మొదలవుతుంది. దీనికి పైమూత మీద తెర లేదు. చిన్న లైటు ఒకటి మిణుకుమిణుకుమంటుంది, అంతే. ఎవరు చేస్తున్నారో తెలియాలంటే మూత తీయాలి. మూత తీస్తే కాల్ ఎత్తేసినట్టే! ఫోను కొన్నప్పటి సెట్టింగే అలా ఉంది. అంటే పేరు చూసి ఎత్తాలా వద్దా అని ఆలోచించుకునే వీలే లేదన్నమాట. లోనిస్తామని, బహుమతి వచ్చిందని, మీ పింఛను ఆగిపోతుంది ఓటీపీ చెప్పమని రోజూ ఎంతమంది చేస్తుంటారో మనకి తెలియంది కాదు. తెలియని నంబరు ఎత్తొద్దని అమ్మకి కష్టపడి నేర్పాం. ఈ ఫోను వచ్చాక ఆ జాగ్రత్తంతా గాలికి పోయింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. మాట్లాడుతూ మధ్యలో ఏదైనా రాసుకోడానికి కాగితం తెచ్చుకోవాలంటే పెద్దవాళ్లు ఏం చేస్తారు? ఫోను బల్ల మీద పెడతారు. ఫ్లిప్ అయితే అలవాటుగా మూత వేసి పెడతారు. వేయగానే కాల్ కట్. ఆసుపత్రివాళ్లు టోకెన్ నంబరు చెబుతుండగా ఇలాగే కట్ అయింది. అమ్మ మాటల్లో చెప్పాలంటే, "ఇదేటే తల్లీ, తీస్తే మాటాడేస్తంది, మూస్తే ఊరుకుండిపోతంది." ఈ ఫోను మీద ఇంతకన్నా మంచి రివ్యూ నేను రాయలేను.

సెట్టింగ్ మార్చొచ్చు కదా అని అడుగుతారు. మార్చాం. అది ఎక్కడో లోపల, ఇంగ్లీషు మెనూలో ఉంది. మార్చాక మూత తీసి, పేరు చూసి, పచ్చ బటన్ నొక్కాలి. అమ్మ కళ్లజోడు వెతుక్కుని, మూత తీసి, పేరు పోల్చుకునేలోపు రింగు ఆగిపోతోంది. ఇక మూత వేస్తే కాల్ కట్ అవడాన్ని ఆపే సెట్టింగ్ అసలు లేనే లేదు.

ఇదేమీ కొత్తగా కనిపెట్టాల్సిన విషయం కాదు. 2004లో వచ్చిన మోటరోలా రేజర్ వీ3 గుర్తుందా? కాలేజీ రోజుల్లో ఎవరి చేతిలోనైనా అది కనబడితే మనం చుట్టూ చేరేవాళ్లం. దానికే పైమూత మీద చిన్న తెర ఉండేది, ఎవరు చేస్తున్నారో మూసి ఉండగానే కనబడేది. 2022లో మన దేశంలోకి వచ్చిన నోకియా 2660 ఫ్లిప్‌కీ బయట తెర ఉంది, పైగా అది 4జీ. వచ్చినప్పుడు ధర రూ.4,699. దాన్ని కొనమని సిఫారసు చేయడం లేదు, నేను వాడలేదు. బయట తెర పెట్టడం చేతకాని పని కాదని మాత్రం చెబుతున్నాను. మిగుల్చుకున్న డబ్బు కంపెనీది, తిప్పలు మా అమ్మవి.

ఇప్పుడు మూత తీయడం సంగతి. అంచంతా నున్నగా, గాజు గాజుగా ఉంటుంది. గోరు పట్టడానికి గాడి లేదు. స్ప్రింగు మొదట్లో బిగుతు. మీరు, నేను బొటనవేలితో టక్కున తెరిచేస్తాం. వేలి కొసలు మొద్దుబారినవాళ్లకి, కీళ్ల నొప్పులున్నవాళ్లకి రెండు చేతులూ కావాలి. ఒక చేతిలో కూరల సంచి ఉంటే ఫోను మోగనీ అని వదిలేయడమే. గట్టిగా పట్టుకుని తెరవబోతే వేలు సరిగ్గా పక్కనున్న ఎస్‌ఓఎస్ బటన్ మీద పడుతుంది. పలాస బస్సులో ఒకసారి ఆ సైరన్ మొదలైంది. బస్సంతా ఇటే చూస్తోంది, అమ్మకి ఆపడం తెలియదు, అటు నాకూ, తమ్ముడికీ, మా చిన్నాన్నకీ వరసగా కాల్స్. ఏమైందోనని మేం పడ్డ టెన్షన్ చెప్పలేను. అమ్మ దిగిపోయాక కూడా కండక్టర్‌కి నవ్వు ఆగలేదట.

ఆ ఎర్ర బటన్ చూసి ఎక్కువ డబ్బు పెట్టొద్దు కూడా. 2017 జనవరి నుంచి మన దేశంలో అమ్మే ప్రతి కీప్యాడ్ ఫోనులో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకుంటే అత్యవసర కాల్ వెళ్లే ఏర్పాటు ఉండాలని కేంద్రం నియమం పెట్టింది. ఆ కాల్ 112కి వెళ్తుంది. మామూలు చిన్న ఫోనులో కూడా ఉండేదాన్నే ఇక్కడ ప్రత్యేకం అంటున్నారు.

అంకెలు పెద్దవే, ఒప్పుకుంటాను. కానీ బటన్లు విడివిడిగా లేవు, అంతా ఒకే చదును రేకు. ఏ బటన్ ఎక్కడ అయిపోయిందో వేలికి తెలియదు. మామూలుగా 5 మీద చిన్న బొడిపె ఉంటుంది, చీకట్లో దాన్ని తడిమి మిగతా అంకెలు పోల్చుకుంటారు. ఇందులో అది కూడా లేదు. టార్చి సంగతి చూస్తే నవ్వొస్తుంది. పాత ఫోనులో కరెంటు పోగానే చీకట్లోనే ఒక బటన్ నొక్కి పట్టుకుంటే వెలిగేది. ఇందులో మూత తీసి, మెనూలోకి వెళ్లి వెలిగించాలి. వెలిగించాక మూత వేస్తే ఆరిపోతుంది. పుస్తకంలా తెరిచి పట్టుకుని పెరట్లోకి నడవాలి.

నెట్‌వర్క్ విషయంలో షాపులో చెప్పే మాటని జాగ్రత్తగా వినండి. "రెండు సిమ్‌లు పడతాయండీ, ఏ సిమ్మైనా వేసుకోవచ్చు" అన్నాడు మాకు అమ్మినతను. సిమ్ లోపలికి వెళ్లింది, నిజమే. జియో సిమ్‌కి మాత్రం సిగ్నలే రాలేదు. ఎందుకంటే ఇది 2జీ ఫోను. జియోకి 2జీ, 3జీ నెట్‌వర్కులు లేవు, 2016లో మొదలైందే 4జీతో. అందులో మాట కూడా 4జీ మీదే వెళ్తుంది, దాన్నే వోల్టీ అంటారు. కాబట్టి జియో సిమ్ వాడేవాళ్లు డబ్బా మీద 4జీ అని ఉంటే సరిపోదు, వోల్టీ కూడా ఉందో లేదో చూసుకోవాలి. అన్నిటికన్నా మంచి పని, పెద్దవాళ్ల సిమ్‌నే షాపులో వేయించి అక్కడి నుంచే ఇంటికి ఒక కాల్ చేయించడం. మేం అడిగితే "సీల్ తీస్తే వాపసు ఉండదు" అన్నాడు. షోకేసులో పెట్టిన ఫోనులో వేసి చూపించమంటే దానికి బ్యాటరీ లేదన్నాడు. మీకూ ఇలాంటి జవాబు వస్తే బయటికి వచ్చేయండి. అమ్మకి వేరే కంపెనీ సిమ్ కూడా ఉండబట్టి ఫోను కొన్నాళ్లయినా నడిచింది.

ఆ తర్వాత అసలు రోగం బయటపడింది. ఒకరోజు నుంచి రింగు వస్తోంది, మూత తీస్తే తెర తెల్లగా ఉంటోంది, అవతలి మాట వినబడదు. మూత సగమే తీస్తే బొమ్మ వస్తుంది, పూర్తిగా తీస్తే పోతుంది. కాశీబుగ్గలో రిపేరు చేసే అబ్బాయి విప్పి చూపించాడు. తెరా, చెవి దగ్గర పెట్టుకునే స్పీకరూ రెండూ పై మూతలోనే ఉంటాయి. కింది బోర్డుని వాటితో కలిపేది మడత లోపలి నుంచి వెళ్లే స్ట్రిప్, అంటే సన్నటి తీగల పట్టీ. మూత తీసిన ప్రతిసారీ అది వంగుతుంది. నాణ్యమైనదైతే ఏళ్లు వస్తుంది, నాసిరకందైతే త్వరగా చిట్లుతుంది. మడత సందులోకి సముద్రం వైపు నుంచి వచ్చే సన్నటి ఇసుక కూడా చేరింది. ఆ అబ్బాయి మంచివాడు, ఉన్న మాటే చెప్పాడు: "అక్కా, ఈ మోడల్‌కి స్ట్రిప్ దొరకదు. వేరేది అతికించినా నిలవదు." బ్యాటరీదీ అదే కథ. పాత ఫోనుకి బీఎల్-5సీ బ్యాటరీ ఏ ఊరి సంతలోనైనా దొరుకుతుంది. దీని పల్చటి బ్యాటరీ సైజు మరే ఫోనుకీ సరిపోదు, ఎక్కడా అమ్మరు.

షాపుకి తీసుకెళ్తే సర్వీస్ సెంటర్ విశాఖపట్నంలో ఉంది, మీరే పంపుకోండి అన్నారు. పంపాం. "ఫిజికల్ డ్యామేజీ, వారంటీ వర్తించదు" అని రాసి వెనక్కి పంపేశారు. ఫోను కింద పడలేదు, నీళ్లలో తడవలేదు. మూత తీశాం, వేశాం. ఫ్లిప్ ఫోనుకి మూత తీయడం కూడా డ్యామేజీ కింద లెక్కేస్తే ఇక దేనికి వారంటీ ఇచ్చినట్టో వాళ్లే చెప్పాలి. వారంటీ కార్డు వెనక చిన్న అక్షరాల్లో మడత గురించి, స్ట్రిప్ గురించి ఏం రాశారో కొనేముందే చదివించుకోండి. మా దాంట్లో ఆ మాటే లేదు, ఇప్పుడు మా వాదన అంతా దాని మీదే.

ఇంకా కొనాలనే ఉంటే, వాడబోయే మనిషిని షాపుకి తీసుకెళ్లండి. మీ చేత్తో చూసి లాభం లేదు. ఫోను మూసి వాళ్ల చేతికిచ్చి, మీ నంబరు నుంచి కాల్ చేయండి. ఎవరు చేస్తున్నారో మూత తీయకుండా తెలిసిందా, ఒంటిచేత్తో తెరవగలిగారా, మాట్లాడుతూ బల్ల మీద పెడితే ఏమైంది, అక్కడే తేలిపోతుంది. ఒక తెలుగు మెసేజ్ కూడా పంపి చూడండి. మా దాంట్లో ఒత్తులు కింది వరసలో కలిసిపోయి సగం తెగి కనబడేవి.

బిల్లు విషయంలో మెత్తబడొద్దు. మాకు మొదట తెల్ల చీటీ మీద రాసిచ్చాడు. గట్టిగా అడిగితేనే జీఎస్‌టీ బిల్లు, దాని మీద ఐఎంఈఐ నంబరు, అంటే ఫోనుని గుర్తుపట్టే నంబరు, వేసిచ్చాడు. ఆ నంబరు ఫోనులో *#06# కొడితే వస్తుంది, బిల్లులోదీ డబ్బా మీదదీ ఒకటేనా అని చూసుకోండి. ఇంగ్లీషులో కేవైఎం (KYM) అని కొట్టి, కాస్త ఖాళీ వదిలి, ఆ 15 అంకెల నంబరు వేసి 14422కి మెసేజ్ పంపితే అది ఏ కంపెనీ ఏ మోడలో జవాబు వస్తుంది. జవాబులో వచ్చిన పేరు, డబ్బా మీద పేరు వేరువేరుగా ఉంటే ఆ ఫోను ముట్టుకోకండి.

ఇప్పటికే ఇలాంటిది కొని ఇరుక్కున్నవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. అక్కడ తేలకపోతే శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. వస్తువుకి కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫిర్యాదుకి ఫీజు లేదు, సమస్య వచ్చిన రెండేళ్ల లోపు వేయాలి. మేం 1915లో ఫిర్యాదు రాయించాం, నంబరిచ్చారు. షాపువాళ్లు మొన్న ఫోన్ చేసి, వేరే రంగు పీస్ ఇస్తాం, ఫిర్యాదు వెనక్కి తీసుకోండి అన్నారు. అదే మోడల్ అయితే ఏ రంగూ వద్దు, డబ్బులిచ్చేయండి అని చెప్పాం. జవాబు రాగానే మీకూ చెబుతాను.