సాలూరు నుంచి పర్లాకిమిడి దాకా: లోడు సైకిళ్లకి చోటిచ్చిన ఊళ్లు, ఇవ్వని లాడ్జీ

నేనూ మా బావా చెరో సైకిల్ మీద సామాను సంచులు వేసుకుని, సాలూరు నుంచి ఒడిశా కొండల మీదుగా పర్లాకిమిడి దాకా తొక్కాం. దారిలో రాయగడ లాడ్జీ సంగతి ముందు చెప్పేస్తాను, ఆ తర్వాత పడ్డ తిప్పలన్నీ అక్కడ మొదలైనవే కాబట్టి. గది 900. ముందురోజు ఫోన్ చేసి అడిగితే, "సైకిళ్లే కద సార్, కింద పెట్టుకోండి, ఏం పర్లేదు" అన్నారు, శుభ్రమైన తెలుగులో. తీరా వెళ్లాక సైకిలుకి వంద చొప్పున రెండు వందలు పార్కింగు అట. రసీదు లేదు. పోనీ ఆ డబ్బుకి కాపలా ఉందా అంటే అదీ లేదు. మెట్ల కింద గోడకి ఆనించి రెంటికీ కలిపి తాళం వేశాం. రాత్రి ఎవరి మోటార్‌సైకిల్‌కో చోటు చేయడానికి తాళంతో సహా ఈడ్చేశారు. తెల్లారి చూస్తే రెండూ కుడి పక్కకి పడి, ఒకదాని పెడల్ రెండోదాని వెనక చక్రంలో దూరి ఉంది. మేనేజరుని లేపితే, "గాలికి పడుంటాయి బాబూ" అన్నాడు. మెట్ల కింద గాలి! పైగా షట్టరు తాళం పెట్టుకుని పడుకున్న మనిషి లేచి తీసేసరికి ఏడుంబావు.

మా బావ రెండు వందల గురించి గొడవ పడ్డాడు. అసలు నష్టం డబ్బు కాదు. సైకిల్ కుడి పక్కకి పడితే ముందు దెబ్బ తినేది వెనక డెరైలర్‌ని, అంటే గేరు మార్చినప్పుడు గొలుసుని పక్కకి జరిపేదాన్ని, పట్టుకుని ఉండే హ్యాంగర్. గేర్ల సైకిల్‌ని మనది కాని చోట రాత్రి ఉంచితే పొద్దున్నే లోడు ఎక్కించక ముందు వెనక నిలబడి చూడాలి. డెరైలర్‌లో ఉండే రెండు బుల్లి చక్రాలూ పైనున్న గేరు పళ్లకి నిట్టనిలువుగా ఉండాలి. కింది బుల్లి చక్రం వెనక చక్రం పుల్లల (స్పోకుల) వైపు వాలి ఉందంటే హ్యాంగర్ లోపలికి వంగినట్టే. అలాగే తొక్కుకుంటూ వెళ్లిపోతే తొలి ఎత్తులో, గొలుసుని వెనక అన్నిటికన్నా పెద్ద పళ్లచక్రం మీదికి వేసిన క్షణాన, డెరైలర్ పుల్లల్లోకి పోతుంది. ఒక్క దెబ్బకి హ్యాంగర్, డెరైలర్, నాలుగైదు పుల్లలు ఖాళీ.

సరిచేయడం కష్టమేం కాదు. చక్రం బిగించే ఉంచి, డెరైలర్ బోల్టులో 5 ఎం.ఎం. అలెన్ కీ పెట్టి, మెల్లగా బయటికి లాగాలి. కొంచెం లాగడం, వెనక నుంచి చూడడం, మళ్లీ కొంచెం. సుత్తి మాట ఎత్తవద్దు. ఆ తర్వాత డెరైలర్‌ని పుల్లల వైపు మరీ జరగకుండా ఆపే, ఎల్ అని ఉన్న స్క్రూ అర చుట్టు లోపలికి తిప్పి, వెనక చక్రం పైకెత్తి చేత్తో పెడల్ తిప్పుతూ గేర్లన్నీ మార్చి చూసుకోవాలి. స్టీలు ఫ్రేములో హ్యాంగర్ ఫ్రేములో భాగమే, వంచినా తట్టుకుంటుంది. బావది అల్యూమినియం, అది ఒకసారి వంచితే ఊరుకుంటుంది, రెండోసారి విరుగుతుంది. అందుకే అల్యూమినియం ఫ్రేము ఉన్నవాళ్లు తమ మోడలుకి సరిపోయే హ్యాంగర్ ఒకటి జేబులో వేసుకోవాలి. వందల రకాలున్నాయి, ఒకదాన్లో ఇంకోటి పట్టదు, దారిలో ఏ షాపులోనూ దొరకదు.

ఇక వచ్చిన దారి. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి పొట్టంగి, సెమిలిగుడ మీదుగా కోరాపుట్, అంతా 26వ నంబరు జాతీయ రహదారే. సుమారు 80 కిలోమీటర్లు. సాలూరు సముద్రమట్టానికి 120 మీటర్ల దగ్గర, కోరాపుట్ 870 మీటర్ల దగ్గర. ఆ తేడాలో ఎక్కువ భాగం ఘాట్‌లోనే మీద పడుతుంది. గొలుసు తిరిగే పళ్లచక్రాలకి ముందు 28 పళ్లు, వెనక 34 పళ్లు ఉంటే పెడల్ ఒక చుట్టుకి సైకిల్ 1.8 మీటర్లు పోతుంది. నిమిషానికి 60 చుట్లు తిప్పితే గంటకి ఆరున్నర కిలోమీటర్లు. ముందు 22 ఉంటే అయిదు. అంతకన్నా నెమ్మదిగా పోతే బ్యాలెన్సు ఆగదు, దిగి తొయ్యాల్సిందే. రోడ్డు సైకిళ్లకి ముందు 34, వెనక 28 ఇచ్చి "టూరింగుకి పనికొస్తుంది" అని అమ్మే షాపులవాళ్లని ఒకసారి 20 కిలోల లోడుతో ఈ ఘాట్ ఎక్కమనాలి.

బరువు సర్దడం గురించి మాకు గట్టి అభిప్రాయమే ఉంది. అంతా వెనక క్యారియర్ మీదే వేస్తే ఎత్తులో ముందు చక్రం తేలుతుంది, దిగుడులో హ్యాండిల్ ఊగుతుంది. మా లెక్క 19 కిలోలు: వెనక రెండు సంచుల్లో 10, ముందు చక్రం పక్కల 6, హ్యాండిల్ సంచిలో 3. బరువైనవి అడుగున, చక్రం ఇరుసుకి దగ్గరగా. టెంటు మోయలేదు. ఈ జిల్లాల్లో అడివిలో గుడారం వేస్తే ఊరివాళ్లూ పోలీసులూ వచ్చి నిద్ర లేపుతారు, అందులో వాళ్ల తప్పేం లేదు. ఆ రెండున్నర కిలోల బదులు నాలుగు లీటర్ల నీళ్లు ఘాట్ కింద నింపుకోండి, సుఖం.

సుంకి ఘాట్‌లో సమస్య ఎత్తు కాదు, లారీలు. రాయపూర్, విశాఖల మధ్య తిరిగే సరుకు బళ్లు ఈ మలుపుల్లోనే ఎదురెదురు పడతాయి. హెయిర్‌పిన్ మలుపులో లోపలి అంచున ఏటవాలు బాగా ఎక్కువ, పెద్ద లారీ వెనక చక్రాలు కూడా ఆ అంచునే కోసుకుంటూ వస్తాయి. మలుపు ముందు ఆగి, విని, ఖాళీ అనుకున్నాక రోడ్డు మధ్యకి జరిగి ఎక్కడం మేలు. సాలూరులో అయిదున్నరకి బయల్దేరితే ఎండ ముదరక ముందే సుంకి. అక్కడ టీ 10 రూపాయలు. టీ పడేదాకా బావతో మాట్లాడకూడదు, ఇది కూడా యాత్రా సలహాగానే తీసుకోండి.

పైకెక్కాక నవంబరులో పొలాల నిండా ఒలిసె (వెర్రినువ్వు) పూలు, పసుప్పచ్చగా. సెమిలిగుడలో సాయంత్రం నాలుగయ్యేసరికే చలి. ఈ వైపు నవంబరులో అయిదూ ఇరవైకల్లా సూర్యుడు దిగిపోతాడు, అందుకే పొద్దున పోయిన గంట సాయంత్రం తిరిగి రాదు. రాయగడ షట్టరు మీద మా కోపానికి సగం కారణం అదే.

కోరాపుట్‌లో దిగిన లాడ్జీ 1,100. రాయగడకన్నా రెండు వందలు ఎక్కువ, కానీ అందులోనే అంతా. యజమాని ఒడియా ఆయన. మమ్మల్ని చూడగానే పరుపులు, గ్యాస్ సిలిండర్లు పెట్టుకునే కింది గది ఖాళీ చేయించి, తాళంచెవి మా చేతికే ఇచ్చాడు. "పొద్దున్న ఎన్నింటికి పోతారు?" అని ఆయనే అడిగి, అయిదింటికి గేటు తీయమని కుర్రాడికి చెప్పాడు. పక్క సందులో రాగి అంబలి, అక్కడి మాటలో మాండియా పేజ్, గ్లాసు 10 రూపాయలు, నంజుకోడానికి ఉల్లిపాయా పచ్చిమిరపకాయా. ఘాట్ ఎక్కిన ఒంటికి దీనికి మించింది లేదు. పులుపూ ఉప్పూ నీళ్లూ పిండీ అన్నీ ఒకే గ్లాసులో. గారెల్లాంటి బరా, బఠాణీ కూర ఘుగుని, ప్లేటు 30. ఇద్దరం కలిపి 110 రూపాయలకి కడుపునిండా తిన్నాం. జయపురం 22 కిలోమీటర్లు, వెళ్లి వచ్చాం, బాగుంది.

కోరాపుట్ నుంచి కాకిరిగుమ్మ, లక్ష్మీపూర్ మీదుగా రాయగడ వంద దాటుతుంది. మొత్తం మీద దిగుడే, మధ్యలో ఎగుడుదిగుళ్లు ఉన్నా. ఇక్కడ కాళ్లకన్నా బ్రేకులకి పని ఎక్కువ. మనిషి, సైకిల్, లోడు కలిసి నూరు కిలోలు దాటినప్పుడు బ్రేకు నొక్కి పట్టుకునే దిగితే రిమ్ము కాలి, లోపల ట్యూబుకి వేసిన ప్యాచీ జిగురు మెత్తబడి ఊడుతుంది. గట్టిగా నొక్కి, వేగం తగ్గాక పూర్తిగా వదిలెయ్యాలి, మళ్లీ గట్టిగా. నాలుగైదు కిలోమీటర్లకోసారి ఆగి చల్లబడనివ్వాలి. బ్రేకు రబ్బర్లలో ఎర్రమట్టి ఇసుక ఇరుక్కుంటే గరగర చప్పుడు వస్తుంది. సూదితో తీసెయ్యకపోతే రిమ్ముని చెక్కేస్తుంది. ఊళ్ల దగ్గర రంగు వెయ్యని స్పీడుబ్రేకర్లు లెక్కలేనన్ని. వాటి దెబ్బకి క్యారియర్ బోల్టులు వదులవుతాయి. రోజూ సాయంత్రం నాలుగింటినీ పానాతో చూసుకోవాలి. క్యారియర్ స్టీలుదే కొనండి. విరిగితే ఏ ఊరి వెల్డింగు షాపులోనైనా 50 రూపాయలకి అతుకుతారు, అల్యూమినియం అయితే చేతులెత్తేస్తారు.

రాయగడలో ఏం జరిగిందో చెప్పాను. హ్యాంగర్ సరిచేసుకున్నాం, పెడల్ దూరిన చోట వంగిన పుల్లల్ని చేత్తో తీశాం, కానీ ఒకటి మెడ దగ్గర గాటు పడి ఉంది. గుణుపూర్ ఇంకా పది కిలోమీటర్లు ఉందనగా టప్‌మంది. వెనక చక్రం, గేర్ల వైపు. బరువూ తొక్కే బలమూ రెండూ కలిసేది అక్కడే, లోడు సైకిల్‌లో పుల్ల తెగితే సాధారణంగా ఆ వైపే తెగుతుంది. 36 పుల్లల చక్రమైతే ఒకటి పోయినా నడుస్తుంది. తెగిన ముక్కని పక్క పుల్లకి చుట్టి కట్టి, చక్రం రాసుకోకుండా వెనక బ్రేకు విప్పి, వెనక సంచుల్లోని బరువు సగం రెండో సైకిల్‌కి మార్చి, మెల్లగా పోవాలి. బావ లోడు పెరిగింది, మాట తగ్గింది.

గుణుపూర్ బజారులో సైకిల్ రిపేరు చేసే పెద్దాయన, తెలుగాయన, సైకిల్ని చూసి ముందు సంచుల్ని తడిమాడు. "ఎంత బరువు మోస్తున్నార్రా నాయనా!" ఆయన దగ్గర పాతకాలం ఫ్రీవీలు విప్పే పానాలన్నీ ఉన్నాయి. ఇప్పటి గేర్ల సైకిళ్లలో వెనక ఉండే పళ్లచక్రాల గుత్తి, అదే క్యాసెట్టు, విప్పేది లేదు. చిన్న ఊళ్లలో ఎక్కడా ఉండదు. గేర్ల వైపు పుల్ల వెయ్యాలంటే క్యాసెట్టు ఊడాల్సిందే. అందుకే ఫ్రేముకి ఆని పెడల్ నొక్కితే క్యాసెట్టుని బిగించి ఉంచే లాక్‌రింగ్ వదిలే బుల్లి టూలు వెంట ఉండాలి, పుల్లలూ మన కొలతవే ఉండాలి. గేర్ల వైపువి ఎడమవాటికన్నా కాస్త పొట్టి, ఆ వైపువి మూడు, ఎడమవి రెండు తీసుకుని ఫ్రేముకి టేపుతో అంటించుకుంటే చాలు.

మిగతాదంతా ఆయన పనితనమే. సైకిల్ తలకిందులు పెట్టి, ఫ్రేముకి సుద్దముక్క ఆనించి చక్రం తిప్పాడు. సుద్ద అంటిన చోట ఎదుటి వైపు పుల్ల పావు చుట్టు బిగింపు, ఈ వైపుది పావు చుట్టు వదులు. అంతకన్నా ఎక్కువ ఒకేసారి తిప్పలేదు. మధ్యమధ్యలో పుల్లలు రెండేసి జంటగా పట్టుకుని పిండి, వదులుగా ఉన్నవి వేళ్లతోనే కనిపెట్టాడు. ముప్పావు గంటలో బెండు మొత్తం తీశాడు. 40 రూపాయలు అడిగాడు. వంద ఇస్తే చిల్లర వెతకబోయాడు, వద్దన్నాం. బావ ముఖంలో నవ్వు కనపడింది అప్పుడే. గుణుపూర్‌లో గది 600, సైకిళ్లు గదిలోనే పెట్టుకోనిచ్చారు, కింద గోనెపట్టా పరుచుకోమన్నారు.

గది బేరం ఆడేముందు మూడు అడగండి: సైకిళ్లు నేల మట్టంలో తాళం ఉన్న గదిలో పెడతారా, దానికి వేరే డబ్బు తీసుకుంటారా, పొద్దున్న గేటు ఎన్నింటికి తీస్తారు. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు. ఆధార్ జిరాక్సు ఇచ్చేముందు చోటు కళ్లతో చూడండి. పైన టీవీ ఉందా, గీజర్ ఉందా అన్నవి తర్వాత.

గాలి విషయం ఒకటి. బైకుల్లో ఉండే రకం వాల్వు ట్యూబులు వేసుకుంటే ఏ పంచర్ షాపులోనైనా గాలి కొట్టించుకోవచ్చు. కానీ కంప్రెసర్ గొట్టం వాళ్ల చేతికి ఇచ్చేసి పక్కకి చూడకండి, క్షణంలో టైరు పేలుతుంది. 38 ఎం.ఎం. టైరుకి లోడుతో వెనక 60, ముందు 50 పి.ఎస్.ఐ. సరిపోతుంది. ఈ వైపు పంచర్లలో ఎక్కువ భాగం తుమ్మముళ్లు కాదు, పేలిన లారీ టైర్ల సన్న తీగలు. రోడ్డు అంచున పోయేవాళ్లకే తగులుతాయి. ప్యాచీ వేసేముందు టైరు లోపల గుడ్డముక్కతో తుడిస్తే తీగ గుడ్డకి తగులుకుంటుంది.

గుణుపూర్ నుంచి పర్లాకిమిడి హాయి. నౌపడా నుంచి గుణుపూర్ దాకా 90 కిలోమీటర్ల రైలు దారి ఈ వైపు నుంచే పోతుంది, ఒకప్పుడు చిన్న గేజి, 2011 నుంచి బ్రాడ్‌గేజి. పట్టాలు పక్కనున్నంతసేపూ నిలువెత్తులుండవని ధైర్యంగా తొక్కొచ్చు. పర్లాకిమిడిలో అడ్రసు అడగడానికి ఒడియా అక్కర్లేదు. భోజనం 90 రూపాయలు, పప్పు రెండోసారి అడక్కుండానే వేశారు. కొమ్ము బొమ్మలు కొనాలనుకుంటే కొనండి, కొంగ బొమ్మ చిన్నది 350కి ఇచ్చారు, కాకపోతే వెనక సంచిలో పెట్టవద్దు. కొంగ ముక్కు ముందు విరిగేది అక్కడే. హ్యాండిల్ సంచిలో తువ్వాలు చుట్టి పెడితే పాతపట్నం దాటి నరసన్నపేట దాకా భద్రంగా వస్తుంది.