డెమోనాజ్ అనుకుని ఆరేళ్లు విన్న గిటారు

నార్వే బ్లాక్ మెటల్ బ్యాండ్ (హెవీ మెటల్‌లో అతి వేగంగా, గరుకుగా ఉండే రకం) ఇమ్మోర్టల్ వాళ్ల 'ఎట్ ది హార్ట్ ఆఫ్ వింటర్' గురించి రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. ఆ ఆల్బమ్ 1999లో వచ్చింది, నా దగ్గరికి 2011లో చేరింది, అప్పటినుంచి అది వినని నెల లేదు. బెర్గెన్ ఊరు, ముఖాలకు నలుపు తెలుపు రంగులు, గొడ్డళ్లు పట్టుకున్న ఫొటోలు, ఇవన్నీ బ్లాక్ మెటల్ వినేవాళ్లకు తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను. నేను చెప్పాలనుకున్నది ఇందులోని గిటారు గురించి మాత్రమే. ఆ గిటారు ఎవరు వాయించారో తెలియకుండా ఆరేళ్లు విన్నాను, పైగా వేరే మనిషి పేరు చెప్పి అందరికీ వినిపించాను.

నేను కొత్తగూడెంలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. ముహూర్తాల సీజన్ వచ్చిందంటే ఫొటోగ్రాఫర్లు హార్డ్ డిస్కులు తెచ్చి బల్ల మీద పెడతారు, నలభై షీట్ల కరిజ్మా ఆల్బమ్ రెండు రోజుల్లో కావాలంటారు, ఇక తెల్లవార్లూ కూర్చోవాల్సిందే. ఏదో ఒకటి మోగుతూ ఉండకపోతే ఆ పని సాగదు. తెలుగు పాటలు పెడితే మనసు మాటల వెంట పోయి చెయ్యి ఆగిపోతుంది. అందుకే హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతూ గిటారు నేర్చుకున్న మా బావమరిది పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన మెటల్ పాటలకు అలవాటు పడ్డాను. అందులో ఇమ్మోర్టల్ ఫోల్డర్ ఒకటి ఉంది. మొదట 1995 నాటి 'బ్యాటిల్స్ ఇన్ ది నార్త్' విన్నాను, నిజం చెప్పాలంటే నాకేమీ అందలేదు, రేకుల షెడ్డు మీద వడగళ్లు పడుతుంటే కింద నిలబడ్డట్టు అనిపించింది. ఇప్పుడు అదంటే ఇష్టమే కానీ ఆ రోజు పది నిమిషాల్లో ఆపేశాను.

తర్వాత ఈ ఆల్బమ్ పెట్టాను. అదే బ్యాండ్ అంటే నమ్మబుద్ధి కాలేదు. 'సోలార్‌ఫాల్' అనే పాట ఉంది కదా, దాంట్లో డ్రమ్స్ ఉరుకుతూ ఉరుకుతూ ఉండగా మధ్యలో ఒక చోట అంతా సద్దుమణిగి శుభ్రమైన గిటారు ఒక్కటే మోగుతుంది, డిస్టార్షన్ అనే ఆ గరగర లేకుండా. బొగ్గు వ్యాగన్ల గూడ్సు మొత్తం దాటిపోయాక గేటు దగ్గర చెవుల్లో ఒక నిశ్శబ్దం మిగులుతుందే, అలా ఉంటుంది అది. ఆ తర్వాత మళ్లీ రిఫ్, అంటే తిరిగి తిరిగి వచ్చే గిటారు వరస, అందుకుంటుంది, కానీ ఈసారి ముందుకంటే పెద్దగా వినిపిస్తుంది, వాల్యూమ్ పెరిగినందుకు కాదు, మధ్యలో ఊపిరి తీసుకున్నందుకు. ఆరు పాటలు, నలభై ఆరు నిమిషాలు, ప్రతి పాటా ఆరు నిమిషాల పైనే. దీనికి ముందు 1997లో వచ్చిన 'బ్లిజార్డ్ బీస్ట్స్' మొత్తం కలిపి అరగంట కూడా నిండదు. రెండేళ్లలో ఇంత మార్పు ఎలా వచ్చిందని నేను ఆలోచించలేదు. డెమోనాజ్ అనే ఆయన ఇమ్మోర్టల్ గిటారిస్ట్ అని ఎక్కడో చదివాను, కాబట్టి ఇది డెమోనాజ్ గిటారే అని మనసులో స్థిరపడిపోయింది. షాపుకి వచ్చిన ప్రతి కుర్రాడికీ "ఈ డెమోనాజ్ చెయ్యి చూడు" అని వినిపించేవాణ్ని.

కవర్ చూసైనా అనుమానం రావాల్సింది. అంతకుముందు నాలుగు ఆల్బమ్‌ల కవర్ల మీదా వీళ్ల ఫొటోలే ఉంటాయి, ఈ ఒక్కదాని మీద మనుషులు లేరు, మంచు కొండల మధ్య కోట బొమ్మ ఒకటే ఉంటుంది, జె.పి. ఫోర్నియే వేసినది. కవర్ మీద ఎవరుండాలి, ఎవరి పక్కన ఎవరు నిలబడాలి అన్నదే రోజంతా నా పని. పెద్దమ్మ కుటుంబం ఫొటో మూడో షీట్‌కి ఎందుకు పోయిందని గొడవలు తీర్చినవాణ్ని నేను. అయినా పట్టించుకోలేదు.

2017లో సీడీ కొన్నాను, పాతది, ఎవరో వాడి అమ్మేసినది. పార్శిల్ విప్పేసరికి పైన డబ్బా చీలిపోయి ఉంది, లోపల డిస్క్‌కీ బుక్‌లెట్‌కీ ఏమీ కాలేదు. అది పట్టుకుని భోజనం కూడా మర్చిపోయి కూర్చున్నాను. బుక్‌లెట్‌లో ఫొటోలు ఇద్దరివే ఉన్నాయి, పాడే అబ్బాత్, డ్రమ్స్ కొట్టే హోర్గ్. మూడో మనిషి ఏడీ అని చూస్తే, గిటారు దగ్గర అబ్బాత్ పేరుంది, బేస్ గిటారు దగ్గరా అదే పేరు, కీబోర్డ్స్ దగ్గరా అదే పేరు, పాడింది సరే ఎలాగూ ఆయనే, సంగీతం మొత్తం కూడా ఆయనదే. డెమోనాజ్ పేరు పాటల రచన దగ్గర మాత్రమే ఉంది. రెండుసార్లు చదివాను. వెంటనే మా బావమరిదికి ఫోన్ చేశాను.

"ఇందులో గిటారు డెమోనాజ్ వాయించలేదటరా."

"మరి ఎవరు బావా?"

"అబ్బాత్."

"అబ్బాత్ బేస్ కదా వాయించేది!" అన్నాడు. వాడికీ తెలియదు. ఆరేళ్లు ఇద్దరం కలిసి తప్పు మనిషిని మెచ్చుకున్నాం.

ఆ రాత్రంతా కూర్చుని ఏం జరిగిందో వెతికి చదివాను. 'బ్లిజార్డ్ బీస్ట్స్' నాటికి డెమోనాజ్ చేతికి తీవ్రమైన టెండినైటిస్ వచ్చింది. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడులాంటి భాగం ఉంటుంది చూడండి, అది వాచిపోవడం, మన దగ్గర అందరూ నరం పట్టేసింది అనేస్తాం. ఈ సంగీతంలో ఒకే తీగను పిక్ అనే చిన్న బిళ్లతో పైకీ కిందికీ ఆపకుండా అతి వేగంగా కొడుతూనే ఉండాలి, ట్రెమొలో పికింగ్ అంటారు. అందులోనూ ఇమ్మోర్టల్ వేగం మరీ ఎక్కువ. ఆ వేగంతో ఇక ఆయన వాయించలేని పరిస్థితి. మా బావమరిది ఆదివారం గిటారు తీసుకొచ్చి, పిక్ నా చేతికిచ్చి, "రెండు నిమిషాలు ఆపకుండా కొట్టు బావా, తెలుస్తుంది" అన్నాడు. నిమిషం కాకముందే మోచేతి దాకా లాగేసింది. అప్పటికే మౌస్ పట్టుకుని పట్టుకుని నా కుడి మణికట్టు చెడింది, రాత్రుళ్లు దానికి పట్టీ కట్టుకుని పని చేస్తాను, ఆదివారం అయ్యాక రెండు రోజులు ఎడమ చేత్తో మౌస్ వాడాల్సి వచ్చింది. ఆయన పడ్డ కష్టంతో నాది పోల్చుకోవడం లేదు, ఇరవైల్లో ఉన్న మనిషికి తను కట్టిన బ్యాండ్‌లో తన వాయిద్యమే చేజారిపోవడం వేరు. కానీ చెయ్యి మొరాయిస్తే ఎంత భయం వేస్తుందో నాకు తెలుసు, డాక్టర్ "కొన్నాళ్లు మౌస్ పట్టుకోకండి" అన్నప్పుడు ఇంట్లో చెప్పకుండా వారం తిరిగాను.

ఇలాంటప్పుడు ఏ బ్యాండ్ అయినా కొత్త గిటారిస్ట్‌ని తెచ్చుకుంటుంది. వీళ్లు తెచ్చుకోలేదు. ఇది నాకు చాలా గొప్పగా అనిపించింది. నిజానికి ఖాళీ అయిన చోట అబ్బాత్ కూర్చోవడం వీళ్లకు కొత్త కాదు, 1993 నాటి 'ప్యూర్ హోలోకాస్ట్' కవర్ మీద గ్రిమ్ అనే డ్రమ్మర్ ఫొటో ఉంటుంది కానీ రికార్డింగ్‌లో డ్రమ్స్ కొట్టింది అబ్బాతే, 1995 ఆల్బమ్‌లోనూ ఆయనే. హోర్గ్ వచ్చాక గానీ డ్రమ్స్ స్థానం కుదురుకోలేదు. ఈసారి గిటారు కూడా తీసుకున్నాడు. డెమోనాజ్ ఇంటికి వెళ్లిపోలేదు, బ్లాషిర్క్ అని ఆయన ఊహించుకున్న మంచు రాజ్యం ఒకటుంది, దాని గురించి పాటలు రాస్తూ బ్యాండ్‌లోనే ఉండిపోయాడు. చేతిని పోగొట్టుకున్నవాడు మాట రాసిస్తే ఆ మాటను పక్కవాడు గొంతుతోనూ గిటారుతోనూ పలికించాడు. ఇది తెలిశాక పాటలు వేరేగా వినిపించడం మొదలైంది. రిఫ్‌లలో డ్రమ్మర్ బుద్ధి కనిపిస్తుంది, ఎక్కడ ఆగాలి, ఎక్కడ దరువు మారాలి అన్నది తీగల్లోనే ఉంటుంది.

పాటల భాష గురించి ఒక మాట. మూడో పాట పేరు 'ట్రాజెడీస్ బ్లోస్ ఎట్ హొరైజన్'. ఆ ఇంగ్లీషు తప్పని తెలుగు మీడియంలో చదివిన నాకే తెలుస్తోంది. ఆ తప్పు దిద్దకుండా కవర్ వెనక అచ్చేసుకున్న మనుషులంటే నాకు ప్రేమ. తమది కాని భాషలో తమ ఊరి చలి గురించి రాసుకున్నారు, అర్థం నాకు చేరింది.

ఇక ఇన్నేళ్ల తర్వాత నా మెప్పులో కొంత వెనక్కి తీసుకోవాల్సిన సంగతులు కూడా ఉన్నాయి. చాలాకాలం నేను ఆ చెయ్యి చెడిపోవడం వల్లే ఈ అందం వచ్చిందని చెప్పుకుంటూ తిరిగాను. అది పూర్తిగా నిజం కాదు. 'బ్లిజార్డ్ బీస్ట్స్'లోనే 'మౌంటెన్స్ ఆఫ్ మైట్' అని ఒక పొడవైన, నిదానమైన పాట ఉంది, అందులో గిటారు డెమోనాజ్‌దే, ఈ దారి అక్కడే మొదలైంది. పైగా ఆయన చేతికి ఆపరేషన్ అయి గిటారు పట్టుకుని తిరిగొచ్చాక 2018లో వచ్చిన 'నార్తర్న్ కేయాస్ గాడ్స్' ఆల్బమ్ చివర్లో తొమ్మిది నిమిషాల పాట ఒకటి పెట్టాడు, అది వింటుంటే ఈ ఆల్బమ్ ఊపిరే వినిపించింది. కాబట్టి ఎవరు వాయించారు అన్నదాని మీద నేను కట్టుకున్న లెక్క సగం తప్పు. ఇంకో సగం స్టూడియోది. మొదటి ఆల్బమ్‌లు బెర్గెన్‌లోని గ్రీగ్‌హాలెన్ స్టూడియోలో చేశారు, దీన్ని స్వీడన్‌లో పీటర్ టాగ్ట్‌గ్రెన్‌కి చెందిన అబిస్ స్టూడియోలో చేశారు. గిటారు అంత నిండుగా, తీగ తీగ విడిగా వినపడటానికి ఆయన చెయ్యీ ఉంది. ఆ నిండుదనానికి మూల్యం కూడా ఉంది, బేస్ దాదాపు వినపడదు, కాలితో కొట్టే కిక్ డ్రమ్ కొన్నిచోట్ల మిషన్ కుట్టినట్టు ఒకే తీరుగా ఉంటుంది. గరుకుగా, దూరంగా వినిపించే పాత బ్లాక్ మెటల్ ఇష్టపడేవాళ్లు ఇది మరీ సాపుగా ఉందంటే నేను వాదించను. నాలుగో పాట మధ్యలో సాగదీశారని కూడా ఈ మధ్యే అనిపించింది, పని చేస్తూ విన్నన్నాళ్లు తెలియలేదు, చెయ్యి నొప్పితో ఊరికే పడుకుని విన్నప్పుడు తెలిసింది.

తర్వాత జరిగినవి తలుచుకుంటే మాత్రం బాధగా ఉంటుంది. 2000 నాటి ఆల్బమ్‌కి బేస్ దగ్గర ఇస్కారియా వచ్చాడు, 2003లో విడిపోయారు, మళ్లీ కలిశారు, 2009లో ఒక ఆల్బమ్ చేశారు, 2015లో అబ్బాత్ వెళ్లిపోయి తన పేరుతోనే వేరే బ్యాండ్ పెట్టుకున్నాడు. ఆ తర్వాత హోర్గ్ కూడా లేడు, 2023 నాటి ఆల్బమ్‌కి వచ్చేసరికి ఇమ్మోర్టల్ అంటే డెమోనాజ్ ఒక్కడే. ఒకప్పుడు చెయ్యి పనిచేయక గిటారు పక్కన పెట్టిన మనిషి చివరికి గిటారూ గొంతూ రెండూ తనే అయ్యాడు. ఆయన తిరిగి వాయించగలిగినందుకు నాకు సంతోషం. కానీ ఆ సీడీ బుక్‌లెట్‌లో ఒకరు రాస్తే ఒకరు వాయించిన పేజీ తీసినప్పుడల్లా, ఈ ఇద్దరూ ఒక చోట లేరే అనిపిస్తుంది.

మీరు కొనాలా అంటే, నా పరిస్థితి వేరు అని ముందే చెప్పాలి. నేను రాత్రిపూట, ఒక్కణ్నే, చేతికి పట్టీ కట్టుకుని, మే నెల కొత్తగూడెం ఎండలో కాలిపోయిన గోడల మధ్య కూర్చుని మంచు గురించి వింటాను. నాకు ఇది ఎంతో కావాల్సిన ఆల్బమ్. వేగం కోసం, కరుకుదనం కోసం వెతికేవాళ్లు 1993 ఆల్బమ్‌తో మొదలుపెట్టుకోవచ్చు. బ్లాక్ మెటల్ అసలు విననివాళ్లకు మాత్రం నేను ఇదే ఇస్తాను, అదీ 'సోలార్‌ఫాల్' ఒక్కటే.

ఇంకో సంగతి. పెన్‌డ్రైవ్‌లో పాటలు అక్షర క్రమంలో ఉండేవి, అందుకని టైటిల్ పాట ముందు వచ్చేది, అది నెమ్మదిగా మొదలవుతుంది. సీడీలో అది ఐదో పాట, మొదటి పాట నేరుగా మీద పడుతుంది. వాళ్లు పెట్టిన వరసే సరైనదని ఇప్పుడు తెలుసు, సెలవు రోజు సీడీ పెట్టి అలాగే వింటాను. పని రాత్రుళ్లు మాత్రం కంప్యూటర్‌లో పాత వరసే ఉంచుకున్నాను, ఆ నెమ్మది పాటతో మొదలైతేనే నా చెయ్యి మౌస్ మీద కుదురుకుంటుంది.