బొబ్బిలి స్తంభం దగ్గర నెపోలియన్ మాట

డిగ్రీలో చరిత్ర చదువుతున్న మా మేనల్లుడికి బొబ్బిలి చూపించాలని ఎప్పటినుంచో కోరిక. మొన్న సంక్రాంతి సెలవుల్లో కుదిరింది. బస విజయనగరంలో. లాడ్జి గది శుభ్రంగానే ఉంది గానీ తెల్లవారుజామున వేడినీళ్లు రాలేదు. రెండుసార్లు చెబితే బకెట్‌తో తెచ్చిచ్చారు. పిల్లలతో వెళ్లేవాళ్లు ముందే అడిగి దిగండి.

విజయనగరం కోట 1713 నాటిది. లోపల ఇప్పుడు కాలేజీలు నడుస్తున్నాయి కాబట్టి గోడలు, బురుజులు చూడ్డానికి ఒక పూట చాలు.

బొబ్బిలికి మాత్రం రోజంతా ఇవ్వండి. చెప్పేవాళ్లెవరూ దొరకలేదు, అందుకని 1891లో నిలిపిన యుద్ధస్తంభం దగ్గర నేనే 1757 జనవరి 24 కథ చెప్పాను. బొబ్బిలి మీద పగతో విజయనగరం రాజు విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకొచ్చాడు. ఫిరంగులకు కోట కూలింది. లోపలివాళ్లు తమ ఆడవాళ్లను, పిల్లలను తామే చంపుకుని పోరాడారు. ఆ తెచ్చినవాడూ మిగల్లేదు. రాత్రివేళ గుడారంలో దూరి తాండ్ర పాపారాయుడు పొడిచేశాడు.

మావాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఏటి మావయ్యా, నెపోలియన్‌నీ ఇలాగే సాయానికి పిలిచారు గదా!" అన్నాడు.

నిజమే. 1795లో పారిస్‌లో రాజు పక్షంవాళ్లు తిరగబడితే, విప్లవ ప్రభుత్వం ఆ 26 ఏళ్ల కుర్రాడి చేతే ఫిరంగులు పేల్పించింది. ఆ తర్వాత దేశాన్నేలిన అయిదుగురు డైరెక్టర్ల మండలి కూడా ఎన్నికల్లో ఫలితం నచ్చనప్పుడు సైన్యాన్నే దించింది. 1799లో ఆ మండలిలో చేరిన సియేస్, ఆ ప్రభుత్వాన్నే కూల్చే తన పన్నాగానికి పనికొచ్చే సేనాని కోసం వెతికి, చివరికి నెపోలియన్‌ను పట్టుకున్నాడు. నవంబరులో సిపాయిలు శాసనసభ్యులను హాల్లోంచి తరిమేశారు. రెండు నెలలు తిరక్కుండానే సియేస్ పక్కకు పోయాడు, పెద్ద కుర్చీ సేనానికి దక్కింది. 1804లో చక్రవర్తి కిరీటం.

ఒక తేడా మాత్రం చెప్పాను. బుస్సీ కప్పం కోసం వచ్చాడు, పని చూసుకుని పోయాడు. నెపోలియన్ వెనక పదేళ్ల గొడవలతో విసిగిపోయిన జనం ఉన్నారు. అందుకే అతను పోలేదు.

మధ్యాహ్నం ఆటోలో గొల్లపల్లి వెళ్లాం. బొబ్బిలి వెళ్లి ఇది చూడకుండా రావద్దు. పనసదుంగను ఒకే చెక్కగా ఉలితో తొలిచి వీణ చేస్తారు. పసుప్పచ్చని పొట్టు మా పాదాలకు అంటుకుంది. చిన్న బొమ్మవీణ ఒకటి బేరమాడకుండా కొన్నాం. తిరుగు బస్సులో మావాడు దాన్ని ఒళ్లో పెట్టుకుని, విజయనగరం వచ్చేదాకా సియేస్ గురించే అడుగుతూ కూర్చున్నాడు.