కొత్త లాంగ్‌హాల్ సంస్థకు ఏది మేలు: వాడిన 787, ఎక్స్‌ఎల్‌ఆర్, డ్యాంప్ లీజు?

నార్వేజియన్ అనే నార్వే విమాన సంస్థ 2021 జనవరిలో లాంగ్‌హాల్‌కు, అంటే దూరదేశాల సర్వీసులకు, స్వస్తి చెప్పేనాటికి దాని దగ్గర ముప్పైకి పైగా బోయింగ్ 787 విమానాలున్నాయి. వాటిలో కొన్నింటిని నార్స్ అట్లాంటిక్ అనే కొత్త సంస్థ కొవిడ్ నాటి చవక అద్దెకు తీసుకుని, 2022 జూన్ 14న ఓస్లో–న్యూయార్క్ సర్వీసు మొదలుపెట్టింది. 2025 వచ్చేసరికి ఆ నార్స్ కూడా తన విమానాల్లో ఆరింటిని ఇండిగోకు ఇవ్వడానికి ఒప్పందం చేసుకుంది. ఆ ఏడాది జులైలో ముంబై–మాంచెస్టర్, ముంబై–ఆమ్‌స్టర్‌డామ్ సర్వీసులు వాటితోనే మొదలయ్యాయి. అవే విమానాలు, అవే 338 సీట్లు. చేతులు మారేకొద్దీ వ్యాపారం మారింది.

దూరదేశాలకు కొత్తగా దిగేవాళ్ల ముందు ఇవాళ ప్రధానంగా మూడు దారులున్నాయి. మొదటిది, వాడిన పెద్ద విమానాన్ని డ్రై లీజుకు తీసుకోవడం. విమానం ఒక్కటే అద్దెకిచ్చేవాళ్లది. పైలట్లు, మెయింటెనెన్స్, ఇన్సూరెన్స్ అన్నీ మనవే. రెండోది, ఒకే నడవ ఉన్నా చాలా దూరం ఎగరగల ఎయిర్‌బస్ విమానం ఏ321ఎక్స్‌ఎల్‌ఆర్. మూడోది, ఇండిగో చేసినట్టు డ్యాంప్ లీజు: విమానం, పైలట్లు, ఇంజినీరింగ్ ఎదుటివాళ్లవి; క్యాబిన్ సిబ్బందిలో కొందరు, ఇంధనం, విమానాశ్రయ చార్జీలు, సీట్లు నింపే బాధ్యత మనవి.

వీటిని సీటుకు అయ్యే ఖర్చుతో పోల్చడం రివాజు. అంతకంటే పనికొచ్చే ప్రశ్న ఒకటుంది: ఒక విమానం మూలన పడ్డ రోజున మిగతా సర్వీసుల గతేమిటి? కొత్త సంస్థలు చాలావరకు దెబ్బతిన్నది అక్కడే.

ముందుగా మన దేశపు నిబంధన

మన దేశంలో నాలుగు 787లు తెచ్చి నేరుగా విదేశాలకు ఎగరడం కుదరదు. 2016 పౌర విమానయాన విధానం ప్రకారం, విదేశీ సర్వీసులు నడపాలంటే ముందు 20 విమానాలను గానీ, మొత్తం సామర్థ్యంలో 20 శాతాన్ని గానీ, ఏది ఎక్కువైతే దాన్ని దేశీయ రూట్లలో పెట్టాలి. అంతకుముందు దీనికి తోడు ఐదేళ్ల అనుభవం కూడా అడిగేవారు. 2015 జనవరిలో మొదలైన విస్తారా తొలిసారి దేశం దాటింది 2019 ఆగస్టులో. 787తో లండన్ వెళ్లింది 2020 ఆగస్టులో. 2024 నవంబరులో ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. కాబట్టి ఇక్కడ ‘కొత్త లాంగ్‌హాల్ సంస్థ’ అంటే, దేశంలో చిన్న విమానాలు నడుపుతూ పెద్ద అడుగు వేయాలనుకునే సంస్థ అనే అర్థం. కింది పోలికలో ఈ సంగతి చాలాచోట్ల తేడా తెస్తుంది.

24 గంటల లెక్క

ముంబై నుంచి పశ్చిమ యూరప్‌కు రోజూ ఒక సర్వీసు అనుకుందాం. పోయేటప్పుడు ఎదురుగాలితో పది గంటలు, వచ్చేటప్పుడు తొమ్మిది. రెండు చివర్లా నేలమీద రెండేసి గంటలు: దిగడం, క్లీనింగ్, కేటరింగ్, ఇంధనం, బోర్డింగ్. మొత్తం 23 గంటలు. అంటే ఒక్క విమానంతో రోజూ నడపొచ్చని కాగితం మీద కనిపిస్తుంది. మిగిలింది ఒకే గంట. సోమవారం హైడ్రాలిక్ లీకు వచ్చి మూడు గంటలు ఆలస్యమైతే, ఆ ఆలస్యం మంగళవారానికి రెండు గంటలుగా, బుధవారానికి ఒక గంటగా దిగుతుంది, అదీ ఈలోపు ఇంకేమీ జరగకపోతే. చుట్టుదారి వల్ల పది గంటలు పదకొండున్నర అయితే చక్రం 24 దాటిపోతుంది, రెండో విమానం కావాల్సిందే. 2025 ఏప్రిల్ చివర్లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేశాక ఉత్తరాది నుంచి పడమరకు వెళ్లే సర్వీసులకు ఎదురైన చిక్కు ఇదే. ఈ ముప్పు కొత్తది కూడా కాదు. 2006 అక్టోబరులో ఒయాసిస్ హాంకాంగ్ తొలి లండన్ సర్వీసు బయల్దేరే వేళకు రష్యా తన గగనతల అనుమతిని వెనక్కి తీసుకుంది. మొదటి విమానమే మర్నాటికి పడింది. 747లతో నడిచిన ఆ సంస్థ 2008 ఏప్రిల్‌లో మూతపడింది.

ఆలస్యానికి ధర కూడా ఉంది. యూరప్ నుంచి బయల్దేరే ఏ సంస్థ విమానమైనా సరే, 3,500 కిలోమీటర్లు దాటిన ప్రయాణంలో నాలుగు గంటలకు మించి ఆలస్యంగా చేరితే, కారణం సంస్థదైతే ప్రయాణికుడికి 600 యూరోలు కట్టాలి. విమానంలో వచ్చిన సాంకేతిక లోపం మామూలుగా సంస్థ ఖాతాలోకే వస్తుంది. నిండిన 338 సీట్ల 787కి ఇలాంటి ఒక్క ఆలస్యపు పరిహారం 2,02,800 యూరోలు. స్పెయిన్ సంస్థ ఐబీరియా వేసిన 182 సీట్ల ఎక్స్‌ఎల్‌ఆర్‌కి 1,09,200. హోటళ్లు, భోజనాలు దీనికి అదనం.

పైలట్ల లెక్కా ఇలాగే బిగుసుకుంటుంది. పది గంటల ప్రయాణానికి మామూలుగా ముగ్గురు కావాలి. వెళ్లడం, అక్కడ విశ్రాంతి, రావడం, ఇంటి దగ్గర విశ్రాంతి కలిపితే ఒక జట్టుకు ఆరు రోజులు. రోజువారీ సర్వీసుకు ఆరు జట్లు, అంటే 18 మంది. సెలవులు, జబ్బులు, సిమ్యులేటర్ పరీక్షలకు ఇంకో ఇరవై శాతం కలుపుకుంటే 22 మంది దాకా వస్తారు. ఒక్క రోజువారీ సర్వీసుకే ఇంతమంది!

వాడిన 787

దీని బలం పొట్టలో ఉంది. 787-9 కింది అరల్లో ఎల్‌డీ3 అనే ప్రామాణిక సరుకు కంటైనర్లు 36 పడతాయి. హైదరాబాద్ నుంచి వెళ్లే మందుల ఎగుమతికి ఇది చిన్న విషయం కాదు: ఉష్ణోగ్రత నియంత్రణ ఉన్న కంటైనర్లు ఎల్‌డీ3 ఎత్తులోనో అంతకంటే పెద్దవిగానో ఉంటాయి, ఏ321 అరలోకి దూరవు. జపాన్‌లో జిప్‌ఎయిర్ 2020 జూన్‌లో 787తో మొదలైనప్పుడు ముందు సరుకే మోసింది, ప్రయాణికులు తర్వాత ఎక్కారు.

బలహీనత అద్దెలో కనిపించదు, అద్దె చుట్టూ ఉన్నవాటిలో ఉంటుంది. సాధారణంగా రెండు మూడు నెలల అద్దె డిపాజిట్. దానికి తోడు ఎగిరిన ప్రతి గంటకూ ఇంజిన్లు, ల్యాండింగ్ గేర్, ఏపీయూ (విమానానికి కరెంటు ఇచ్చే చిన్న ఇంజిన్), పెద్ద చెకింగుల కోసం మెయింటెనెన్స్ రిజర్వు కట్టాలి. తిరిగిచ్చేటప్పుడు ఒప్పందంలో రాసిన స్థితిలో ఇవ్వాలి. ఇంజిన్‌లో ఆయుష్షు పరిమితి ఉన్న ఒక డిస్కుకు పుట్టినప్పటి నుంచి కాగితాలు లేకపోతే, అది ఎంత బాగున్నా మార్చాల్సిందే. లీజు తీసుకునే రోజున ఈ రికార్డులు పేజీ పేజీ చూడని సంస్థకు తిరిగిచ్చే రోజున ఖర్చు తడిసి మోపెడవుతుంది.

ఇంజిన్ విషయం వేరే చెప్పాలి. నార్వేజియన్ 787లకు రోల్స్‌రాయిస్ ట్రెంట్ 1000 ఇంజిన్లు. 2018, 2019ల్లో వాటి బ్లేడ్లు అనుకున్నదానికంటే ముందే పాడవడంతో ప్రపంచవ్యాప్తంగా విమానాలు నిలిచిపోయాయి. నార్వేజియన్ బయటి విమానాలను అద్దెకు తెచ్చి నెట్టుకొచ్చింది. ఒక దశలో లండన్–న్యూయార్క్ మధ్య విమానాలు అద్దెకిచ్చే హై ఫ్లై వాళ్ల ఏ380ని కూడా నడిపించింది. పెద్ద సంస్థకు ఇలాంటిది తలనొప్పి. మూడు విమానాల సంస్థలో ఒకటి నిలిచిందంటే మూడోవంతు షెడ్యూలు పోయినట్టే.

ఇంకా పాత విమానాలు ఇంకా చవక కదా అనేవాళ్లకు ఎయిర్ బెల్జియం ఉదాహరణ చాలు. 2018 జూన్‌లో ఏ340-300తో చార్లెరాయ్–హాంకాంగ్ మొదలుపెట్టి కొన్ని నెలల్లోనే ఆపేసింది. తర్వాత విమానాలను సిబ్బందితో సహా ఇతర సంస్థలకు అద్దెకిస్తూ నిలబడింది. నాలుగు ఇంజిన్ల ఇంధనం కట్టే బాధ అద్దెకు తీసుకున్నవాళ్లకి వదిలేసి మరీ!

ఏ321ఎక్స్‌ఎల్‌ఆర్

2024 నవంబరులో ఐబీరియా మాడ్రిడ్–బోస్టన్ మధ్య దీన్ని మొదటిసారి అట్లాంటిక్ మీదుగా నడిపింది. వెనక భాగంలో 12,900 లీటర్ల అదనపు ట్యాంకు, గరిష్ఠ బరువు 101 టన్నులు, కంపెనీ చెప్పే దూరం 8,700 కిలోమీటర్లు. చలికాలపు ఎదురుగాలి, ప్రత్యామ్నాయ విమానాశ్రయానికి ఉంచాల్సిన ఇంధనం, చుట్టుదారి ఇవన్నీ తీసేస్తే, నిండా మనుషులతో ఏడాది పొడవునా షెడ్యూలు వేయగలిగేది 7,000 కిలోమీటర్ల చుట్టుపక్కలే అనుకోవడం క్షేమం. ముంబై నుంచి ఏథెన్స్ దీనికి సులువు. ఇండిగో తన ఎక్స్‌ఎల్‌ఆర్‌లకు ఆ ఊరినే ముందు ప్రకటించింది. హైదరాబాద్–ఫ్రాంక్‌ఫర్ట్ సుమారు 7,100, సరిగ్గా అంచున ఉంది. శంషాబాద్ నుంచి నేరుగా అమెరికా అన్న కోరికకు ఇది పనికిరాదు. షికాగో 13 వేల కిలోమీటర్ల పైచిలుకు. ఎయిర్ ఇండియా 2021 జనవరిలో ఆ రూటును 777-200ఎల్‌ఆర్‌తో మొదలుపెట్టి తర్వాత ఆపేసింది.

ఇంధనంలో తేడా అనుకున్నంత లేదు. గంటకు 787-9 సుమారు ఐదున్నర టన్నులు, ఇది రెండున్నర నుంచి మూడు తాగుతుంది. సీటుకు పంచితే చిన్నదే కాస్త నయం, అంతే. అసలు లాభం ఖాళీ సీజన్లో. 220 మంది ఎక్కిన రోజున 787లో మూడోవంతు ఖాళీ. 180 మంది ఎక్కితే చిన్నది నిండినట్టే. ఇంకో లాభం, ఏ320 నడిపే పైలట్లకు కొత్త టైప్ రేటింగ్ (ఒక రకం విమానం నడిపే అర్హత) అక్కర్లేదు. దూరప్రయాణ విధానాలు, సముద్రాల మీద ఒక ఇంజిన్ ఆగిపోతే రెండోదానితో గట్టెక్కే నియమాలు నేర్పితే సరిపోతుంది. దేశీయ ఏ321లు వందల్లో ఉన్న సంస్థకు స్పేర్లు, మెకానిక్‌లు ఇంట్లోనే ఉంటారు. ఇవేవీ లేకుండా కేవలం నాలుగు ఎక్స్‌ఎల్‌ఆర్‌లతో మొదలుపెట్టేవాళ్లకు ఈ లాభం సున్నా.

చిక్కులూ ఉన్నాయి. పెద్ద విమానంలో సిబ్బంది పడుకునే అర విడిగా ఉంటుంది. ఇందులో మూడో పైలట్ విశ్రాంతికి తరచూ ముందు వరుసలోని సీటునే వదులుకోవాలి, అంటే అమ్ముకోదగ్గ ఖరీదైన సీటు. అదనపు ట్యాంకు సరుకు చోటును తినేస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, కొత్త విమానం ఎప్పుడొస్తుందో మన చేతిలో ఉండదు. ప్రైమెరా ఎయిర్ 2018లో ఏ321నియోలను నమ్ముకుని అట్లాంటిక్ టికెట్లు అమ్మింది. విమానాలు ఆలస్యమయ్యాయి, బయటి విమానాలు ఎక్కువ ధరకు తెచ్చుకుంది, అక్టోబరు మొదట్లోనే మూతపడింది. చేతికి రాని విమానానికి టికెట్ తెరవకూడదని ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ లేదు.

డ్యాంప్ లీజు

గంట లెక్కన చూస్తే ఇదే అన్నిటికంటే ఖరీదు. ఎగిరినా ఎగరకపోయినా నెలకు ఇన్ని గంటలకు డబ్బు కట్టి తీరాలి. ప్రయాణికుడికి మన బ్రాండ్ కనిపించినా, సీటూ స్క్రీనూ వేరేవాళ్లవి. అయినా రూటులో డిమాండ్ ఉందో లేదో తేల్చుకోవడానికి పైలట్ల శిక్షణ, సిమ్యులేటర్, ఇంజిన్ ఒప్పందాలు ఏవీ లేకుండా కొన్ని నెలల్లో ఎగరగల దారి ఇదొక్కటే. ఇంజిన్ పాడైతే ఆ తలనొప్పి యజమానిది.

ఇక్కడ అసలు ముప్పు అనుమతులు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ వీటిని కొద్ది నెలల గడువుతో ఇచ్చి పొడిగిస్తూ పోతుంది. టర్కిష్ ఎయిర్‌లైన్స్ నుంచి ఇండిగో తెచ్చుకున్న రెండు 777లకు 2025 మే నెలాఖరులో ‘ఇదే చివరిసారి’ అంటూ మూడు నెలలే ఇచ్చారు. కారణం సాంకేతికం కాదు, రెండు దేశాల మధ్య చెడిన సంబంధాలు. తర్వాత మళ్లీ పొడిగింపు వచ్చింది గానీ, మూడు నెలల గడువు మీద ఆరు నెలల ముందు టికెట్లు అమ్మడమంటే అడకత్తెరలో పడ్డట్టే.

నగదు

మూడు దారులకూ ఉమ్మడి ప్రమాదం ఇది. టికెట్ డబ్బు ముందే వస్తుంది కాబట్టి దాంతో నడిపేయొచ్చని కొత్తవాళ్లు లెక్కేస్తారు. కార్డు లావాదేవీలు చూసే బ్యాంకుకు అనుమానం వస్తే, ప్రయాణం పూర్తయ్యేదాకా ఆ డబ్బు ఆపేస్తుంది. అద్దె, జీతాలు, ఇంధనం మాత్రం ఆగవు. అందుకే టికెట్ డబ్బును లెక్కలోకి తీసుకోకుండా కనీసం ఒక మందకొడి సీజన్ గడిచేంత నగదు విడిగా ఉండాలి.

మా మాట

దేశీయ నెట్‌వర్క్ ఉన్న సంస్థ అయితే ముందు డ్యాంప్ లీజు, ఒకటి రెండు రూట్లలో, రెండు వేసవి షెడ్యూళ్ల పాటు. ఆ కాలంలో రోజుకు 200 మంది దాటని రూట్లను ఎక్స్‌ఎల్‌ఆర్‌కు మార్చడం, సరుకుతో సహా నిండే రూట్లకే 787 డ్రై లీజుకు వెళ్లడం. అదీ కనీసం నాలుగు విమానాలు, వాటిలో మూడింటినే షెడ్యూలులో పెట్టి నాలుగోది చేతిలో ఉంచుకోగలిగితేనే. దేశీయ నెట్‌వర్క్ లేకుండా ఒంటరిగా దిగేవాళ్లకు మూడింట్లో ఏదీ మేలని చెప్పలేం. బార్సిలోనాలో 2017లో మొదలైన లెవెల్‌కు తొలినాళ్లలో వెనక ఐబీరియా సిబ్బంది, లైసెన్సు ఉన్నాయి. జిప్‌ఎయిర్‌కు జపాన్ ఎయిర్‌లైన్స్ ఉంది. అండ లేని వాళ్ల జాబితాలో మూతపడ్డవే ఎక్కువ.

డ్యాంప్ లీజు మీద సంతకం పెట్టేవాళ్లు మూడు క్లాజులు ముందు చూసుకోవాలి: విమానం 24 గంటలకు మించి నిలిచిపోతే ప్రత్యామ్నాయం ఎవరు తేవాలి, దాని అదనపు ఖర్చు ఎవరిది; ప్రభుత్వం అనుమతి పొడిగించకపోతే కనీస గంటల బాకీ అక్కడితో ఆగుతుందా; యూరప్ ఆలస్య పరిహారంలో యజమాని వాటా ఎంత. మూడోది చాలా ముసాయిదాల్లో కనిపించదు, అడిగి రాయించుకోవాలి.