అమెరికాలో తొలి ఏడాది ఎక్కడ ఉంటే మేలు: డార్మా, బెడ్ లెక్కన లీజా, నలుగురు కలిసి తీసుకునే అపార్ట్‌మెంటా?

వీసా స్టాంపు పడ్డాక ఇంట్లోవాళ్లు అడిగే రెండు ప్రశ్నల్లో ఒకటి టికెట్టు గురించి, ఇంకోటి "అక్కడ ఎక్కడుంటావు?" అని. ఈ రెండోదానికి వాట్సాప్ గ్రూపుల్లో దొరికే జవాబు చాలాసార్లు ఒక్క ముక్కే: "మనిషికి నాలుగొందలు పడుద్ది, వచ్చేయ్." ఆ నాలుగొందల డాలర్ల వెనక లీజు ఎవరి పేరు మీద ఉంది, ఎన్ని నెలలకు రాశారు, మధ్యలో ఒకడు వెళ్లిపోతే మిగిలినవాళ్ల నెత్తిన ఎంత పడుతుంది అన్నది ఎవరూ చెప్పరు. ఎమ్మెస్‌కో డిగ్రీకో ఎఫ్‌-1 స్టూడెంట్ వీసా మీద వెళ్లేవాళ్లు అద్దె కన్నా ముందు చూడాల్సినవి ఇవే.

డార్ము

యూనివర్సిటీ సొంత హాస్టల్లో సోషల్ సెక్యూరిటీ నంబరు (అక్కడ మనిషికో గుర్తింపు సంఖ్య) అడగరు, క్రెడిట్ స్కోరు చూడరు, గ్యారంటరు అక్కర్లేదు. మంచం, బల్ల, కరెంటు, ఇంటర్నెట్ ఫీజులోనే కలిసి ఉంటాయి. డబ్బు సెమిస్టర్‌కోసారి ట్యూషన్‌తో పాటు స్టూడెంట్ అకౌంట్లో పడుతుంది. క్లాసుకు నడిచి వెళ్లొచ్చు. కారు లేకుండా బతకడం కష్టమైన ఊళ్లలో ఈ ఒక్క సౌకర్యమే నెలకు ఎంతో ఆదా చేస్తుంది.

ఇబ్బందులు వేరే చోట ఉన్నాయి. కాంట్రాక్టు సాధారణంగా ఆగస్టు నుంచి మే దాకానే, వేసవికి విడిగా రాసుకోవాలి. చాలా హాస్టళ్లను డిసెంబరు సెలవుల్లో మూసేస్తారు, సంతకం పెట్టేముందు ఇది అడగాలి. బయట మంచు కురుస్తుంటే రెండు సూట్‌కేసులతో ఫ్రెండ్స్ గదులు వెతుక్కునే పరిస్థితి ఎవరికీ రాకూడదు. మొదటి ఏడాది డిగ్రీ పిల్లలకు మీల్ ప్లాన్ చాలాచోట్ల తప్పనిసరి. వారం తిరిగేసరికి డైనింగ్ హాల్ తిండి మీద మొహం మొత్తినా కట్టిన డబ్బు వెనక్కి రాదు. గదిలో వంట కుదరదు. ఇండక్షన్ స్టవ్వు, ఎలక్ట్రిక్ కుక్కర్ లాంటివాటికి కూడా చాలా హాస్టళ్లు ఒప్పుకోవు. మాస్టర్స్ వాళ్లకు వంటగది ఉన్న క్యాంపస్ అపార్ట్‌మెంట్లు కొన్నిచోట్ల ఉంటాయి గానీ వెయిటింగ్ లిస్టు పొడవు. అడ్మిషన్ ఖాయమైన రోజే అప్లికేషన్ పడేయాలి, వీసాకు కావాల్సిన ఐ-20 పత్రం వచ్చేదాకా ఆగకూడదు.

పద్దెనిమిదేళ్లకే డిగ్రీ చదవడానికి వెళ్లేవాళ్లకు మాత్రం తొలి ఏడాది డార్మే మేలు. ఆ వయసులో లీజు, కరెంటు కనెక్షన్, గొడవపడే రూమ్మేట్లు, కొత్త చదువు అన్నీ ఒకేసారి మీద వేసుకోవడం తల్లిదండ్రులు అనుకున్నంత తేలిక కాదు.

బెడ్ లెక్కన లీజు

క్యాంపస్ పక్కన ప్రైవేటు కంపెనీలు స్టూడెంట్ల కోసమే కట్టిన కాంప్లెక్సుల్లో ఇది నడుస్తుంది. నాలుగు బెడ్రూముల ఫ్లాటులో ఒక గది మీది, తాళం మీది, చాలాచోట్ల బాత్రూమూ మీదే. కిచెన్, హాలు ఉమ్మడి. లీజు కూడా ఆ ఒక్క గదికే. పక్క గదివాడు చదువు మానేసి వెళ్లిపోయినా వాడి అద్దె మీ మీద పడదు. తొలి ఏడాదికి ఇంతకన్నా పెద్ద భద్రత లేదు. ఫర్నిచర్, ఇంటర్నెట్ తరచూ కలిసే వస్తాయి.

సంతకానికి ముందు నాలుగు విషయాలు చదవాలి. ఒకటి, ఆగస్టు మధ్య నుంచి వచ్చే జులై ఆఖరు దాకా ఉండే బసను పన్నెండు సమాన వాయిదాలుగా కోస్తారు. ఆగస్టులో సగం నెలే ఉన్నా పూర్తి వాయిదా కట్టాలి. రెండు, కరెంటుకు పరిమితి ఉంటుంది, దాటితే ఫ్లాటులో అందరికీ సమానంగా బిల్లు వేస్తారు. ఒకడు ఏసీ ఎప్పుడూ 66 డిగ్రీల ఫారెన్‌హీట్ (మన లెక్కలో దాదాపు 19) మీద పెడితే నలుగురూ కట్టాలి. మూడు, పాత లీజు ముగిసిన రోజుకీ కొత్తది మొదలయ్యే రోజుకీ మధ్య, గదులు శుభ్రం చేయడానికి కొన్ని రోజులు ఖాళీ పెడతారు. రెండో ఏడాది అక్కడే వేరే గదికి మారేవాళ్లకు ఆ రోజుల్లో తల దాచుకునే చోటు ఉండదు. నాలుగు, అమెరికాలో గ్యారంటరు లేకపోతే అదనపు డిపాజిట్టో, కొన్ని నెలల అద్దె ముందస్తుగానో అడుగుతారు. ఆ డబ్బు లోన్ మొదటి విడతలో లెక్క వేసుకోకపోతే దిగిన వారానికే చేతులు ఖాళీ అవుతాయి.

రూమ్మేట్లను వాళ్లే జత చేస్తే ఎవరు వస్తారో తెలియదు. ఒక తెలుగువాడు, ఒక చైనా అమ్మాయి, ఇద్దరు అమెరికన్లు కావచ్చు. మిక్స్‌డ్ ఫ్లాటు వద్దనుకుంటే అమ్మాయిలు ఆ సంగతి ఫారంలోనే రాయాలి. ఇంట్లో ఇంగ్లిష్ తప్పనిసరైతే క్లాసులో నోరు తెరవడం సులువవుతుంది, ఇంటర్వ్యూలకూ పనికొస్తుంది. రాత్రి ఎనిమిదింటికి ఎండుచేపలు వేయిస్తే మాత్రం మరుసటి రోజు ఆఫీసు నుంచి మెయిల్ వస్తుంది, అదీ తెలిసి వెళ్లాలి.

నలుగురు కలిసి తీసుకునే అపార్ట్‌మెంటు

మన పిల్లల్లో ఎక్కువమంది ఎంచుకునేది ఇదే. అందుకు కారణాలూ గట్టివే. అన్నం, పప్పు, చారు ఇంట్లోనే దొరుకుతాయి. ఎయిర్‌పోర్టుకు ఎవరో ఒకరు వస్తారు. జ్వరమొస్తే పక్కన మనిషి ఉంటాడు. ఖర్చు కూడా బాగా తగ్గుతుంది. లెక్క కోసం రెండు బెడ్రూముల అద్దె 1,600 డాలర్లు, కరెంటు 140, నీళ్లు చెత్త కలిపి 80, ఇంటర్నెట్ 60 అనుకుందాం. మొత్తం 1,880, నలుగురికి తలా 470. బెడ్ లెక్కన గది అన్నీ కలిపి 850 అయితే ఏడాదికి తేడా 4,560 డాలర్లు. లోన్ మీద వెళ్లినవాడికి అది చిన్న డబ్బు కాదు.

ఇప్పుడు అదే లెక్క రెండోవైపు నుంచి చూడండి. ఈ లీజులో నలుగురి సంతకాలకూ ఉమ్మడి బాధ్యత ఉంటుంది, ఎవరు కట్టకపోయినా ఓనరు మిగిలినవాళ్ల దగ్గర పూర్తి అద్దె వసూలు చేసుకోవచ్చు. ఒకడు డిసెంబరులో వేరే యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయితే తలా 470 కాస్తా 627 అవుతుంది. ఇంకొకడు ఇంటర్న్‌షిప్పుకని వేరే రాష్ట్రం పోతే 940. బెడ్ లెక్కన గది కన్నా ఎక్కువ! తొలి ఏడాది స్ప్రింగు (జనవరి నుంచి మే) సెమిస్టర్‌లో ఇళ్లలో గొడవలు ముదిరేది ఎక్కువగా ఇక్కడే. కాబట్టి మధ్యలో వెళ్లేవాడే తన స్థానంలో మనిషిని తేవాలి, ఆ మనిషి పేరు లీజులో ఎక్కేదాకా అద్దె తనే కట్టాలి అని నలుగురూ రాసుకుని సంతకాలు పెట్టుకోవాలి. ఓనరును అది కట్టిపడేయదు. అయినా మీ మధ్య మాట స్పష్టంగా ఉంటుంది.

టెక్సాస్‌లో ఓనరు అనుమతి లేకుండా గదిని ఇంకొకరికి మళ్లీ అద్దెకివ్వడం, అంటే సబ్‌లీజు ఇవ్వడం చట్టరీత్యా కుదరదు. వెళ్లేవాడి చేతిలో డిపాజిట్ డబ్బు పెట్టేసి గదిలో దిగడం దిగినవాడికీ, వెళ్లినవాడికీ ప్రమాదమే. లీజింగ్ ఆఫీసులో పాత పేరు తీసి కొత్త పేరు చేర్చిన కాగితం చేతికి వచ్చాకే డబ్బు మారాలి.

అసలు తీసుకోకూడనిది హాల్లో పరుపు. రెండు బెడ్రూముల లీజులో నలుగురి పేర్లుంటాయి, హాల్లో ఇంకో ఇద్దరు ఉంటారు, వాళ్లకు 250 డాలర్లే. కానీ వాళ్ల పేరు మీద చిరునామా రుజువు ఒక్కటీ ఉండదు. టెక్సాస్‌లో ఐడీ కార్డుకో డ్రైవింగ్ లైసెన్సుకో నివాసం చూపే కాగితాలు రెండు కావాలి, లీజు అందులో చాలా సులువైనది. రెంటర్స్ ఇన్సూరెన్సులో (అద్దె ఇంట్లో సామాన్ల బీమా) పేరు లేనివాడి ల్యాప్‌టాప్ పోతే పైసా రాదు. ఆఫీసువాళ్లు చూస్తే లీజు ఉల్లంఘన కింద నోటీసు మొత్తం ఇంటికి వస్తుంది. ఎఫ్‌-1 మీద ఉన్నవాళ్లు చిరునామా మారిన 10 రోజుల్లో యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకు తెలపాలి. హాల్లో ఉన్నా నిజంగా ఉంటున్న చిరునామానే ఇవ్వాలి. పాత చిరునామా అలాగే వదిలేయడం వీసా స్టేటస్‌తో ఆటలాడటమే. రెండు వారాల టెంపరరీ అకామడేషన్‌గా అయితే సరే. చాలా యూనివర్సిటీల్లో భారతీయ విద్యార్థి సంఘాలు దాన్ని ఇప్పిస్తాయి కూడా. అదే ఏడాది పొడవునా అయితే వద్దు.

వంటగది, డిపాజిట్టు

అపార్ట్‌మెంటులో దిగిన రోజు ఆఫీసు ఇచ్చే మూవ్-ఇన్ ఫారాన్ని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. తిరిగి ఇవ్వడానికి రెండు మూడు రోజులే గడువు ఉంటుంది. కార్పెట్ మీద మరకలు, విరిగిన బ్లైండ్లు, స్టవ్ కాయిల్స్ కింద గిన్నెలు, సింకు కింద తడి, ఫ్రిజ్ లోపలి అరలు అన్నీ వీడియో తీసి, ఫారంలో రాసి, కాపీ మెయిల్ చేసుకోవాలి.

వెళ్లేటప్పుడు మన ఇళ్లలో డిపాజిట్ ఎక్కువగా కోత పడేది వంటగదిలోనే. తెల్లటి ల్యామినేట్ గట్టు మీద పసుపు పడి ఒక పూట ఉంటే ఇక పోదు. చెంచాలు, గరిటెలు పెట్టుకోవడానికి ఒక స్టీలు పళ్లెం గట్టు మీద ఎప్పుడూ ఉంచండి. సింకులో తిండి ముక్కలు నూరడానికి ఉండే డిస్పోజల్‌లో అన్నం, ఉల్లిపొట్టు, అరటితొక్కలు వేస్తే అన్నం ఉబ్బి, పొట్టు చుట్టుకుని పైపు మూసుకుపోతుంది, ప్లంబర్ బిల్లు మీకే. నూనె సింకులో పోయొద్దు, డబ్బాలో పోసి చల్లారాక మూత పెట్టి చెత్తలో వేయండి. స్టవ్ పైనున్న ఫ్యాను చాలా ఫ్లాట్లలో పొగను బయటికి పంపదు, ఫిల్టరు గుండా తిప్పి గదిలోకే వదులుతుంది. అందుకే ఎండుమిర్చి పోపు పెట్టగానే స్మోక్ అలారం మోగుతుంది. కిటికీ తీసి, బాత్రూము ఎగ్జాస్టు వేసి, మూకుడు మీద మూత పెట్టి పోపు వేయాలి. అలారానికి కవరు కట్టడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు, అది ప్రాణాలకే ముప్పు.

ఇంటి నుంచి మిక్సీ మోసుకెళ్లొద్దు. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన 230 వోల్టుల మిక్సీ, ఎలక్ట్రిక్ కుక్కరు అక్కడ సరిగా పనిచేయవు. ఫోను, ల్యాప్‌టాప్ ఛార్జర్ల మీద 100–240 అని రాసి ఉంటే పిన్ మార్చే అడాప్టరు చాలు. కాయిల్, గ్లాసు స్టవ్‌లకు అడుగు గుండ్రంగా ఉన్న మూకుడు పనికిరాదు, అడుగు చదునుగా ఉన్న ప్రెషర్ కుక్కరు, పెనం తీసుకెళ్లండి.

ఊరిని బట్టి

డాలస్, రిచర్డ్‌సన్ వైపు కరెంటు కంపెనీని మనమే ఎంచుకోవాలి. టెక్సాస్ పబ్లిక్ యుటిలిటీ కమిషన్ నడిపే పవర్ టు చూజ్ సైటులో ప్లాన్లు పోల్చుకోవచ్చు. సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోతే డిపాజిట్ అడుగుతారు, లేదా ప్రీపెయిడ్ తీసుకోవాలి. దిగే తేదీకి కనెక్షన్ మొదలయ్యేలా వారం ముందే చెప్పకపోతే ఆగస్టు ఎండలో ఏసీ లేని ఇంట్లోకి అడుగుపెడతారు. డెంటన్‌లో అయితే ఈ ఎంపిక ఉండదు, కరెంటు ఊరి మునిసిపాలిటీదే. షికాగో, బఫలో వైపు వెళ్లేవాళ్లు ఆఫీసును అడగాల్సింది ఒక్కటే: హీటింగ్ అద్దెలో కలిసి ఉందా లేదా. కలవకపోతే జనవరి గ్యాసు బిల్లు మొత్తం లెక్కను తారుమారు చేస్తుంది.

చిన్న కాలేజీ ఊళ్లలో మంచి ఇళ్లు వసంతకాలానికే అయిపోతాయి, కాబట్టి ఇండియా నుంచే లీజు రాసుకోక తప్పదు. పెద్ద నగరాల్లో ఆ తొందర లేదు. రెండు వారాలు టెంపరరీగా ఉండి, ఉదయం ఎనిమిదింటికి బస్సులో క్యాంపస్‌కు ఎంత సేపు పడుతుందో ఒకసారి స్వయంగా వెళ్లి చూసి, అప్పుడు సంతకం పెట్టడం మేలు. ఇండియా నుంచి డబ్బు పంపాల్సి వస్తే ఫేస్‌బుక్ పోస్టు చూసి అక్కడి ఫ్రెండ్స్‌తో జెల్‌లో (అమెరికా బ్యాంకుల డబ్బు పంపే సేవ) వేయించొద్దు, పోయిన డబ్బు వెనక్కి తెచ్చుకోవడం దాదాపు అసాధ్యం. కాంప్లెక్సు వెబ్‌సైటులో ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేయండి, వీడియో కాల్‌లో ఇల్లు చూపమనండి. సొంత ఇల్లు అద్దెకిచ్చేవాళ్లయితే ఓనరు పేరును టెక్సాస్‌లో కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్టు (ఆస్తిపన్ను కోసం ఇళ్ల విలువ కట్టే సంస్థ) సైటులో ఉచితంగా సరిచూసుకోవచ్చు.

నా లెక్కలో

మాస్టర్స్ వాళ్లకు డబ్బు కాస్త సర్దుబాటయితే తొలి ఏడాది బెడ్ లెక్కన లీజే మేలు, రెండో ఏడాది మనుషులు తెలిశాక కలిసి ఇల్లు తీసుకోవచ్చు. బడ్జెట్ బిగువుగా ఉంటే మొదటి రోజు నుంచే కలిసి తీసుకోండి. కాకపోతే బెడ్రూముకు ఇద్దరికి మించకుండా, ఉంటున్న ప్రతివాళ్ల పేరూ లీజులో ఉండేలా, క్యాంపస్‌కు నేరుగా బస్సు ఉన్నచోట. ఏది ఎంచుకున్నా అద్దెను లోన్‌లోంచి కట్టగలిగేలా చూసుకోవాలి. సెమిస్టర్ నడుస్తుండగా ఎఫ్‌-1 వాళ్లకు క్యాంపస్‌లో వారానికి 20 గంటల పనికే అనుమతి, ఆ ఉద్యోగం మొదటి నెలలోనే దొరుకుతుందని నమ్మకం లేదు. బయట ఎవరో క్యాష్ ఇస్తారన్న ఆశతో పెద్ద లీజు రాసుకుంటే స్టేటస్సే పోవచ్చు.

జనవరిలో దిగే స్ప్రింగు వాళ్ల పరిస్థితి కొంచెం వేరు. డిసెంబరులో చదువు ముగించుకుని వెళ్లేవాళ్లు బెడ్ లెక్కన గదులను జులై దాకా అప్పగించడానికి చూస్తుంటారు, కొందరు ఒక నెల అద్దె తామే భరిస్తారు. ఆ గది తీసుకుంటే ఏడాది కట్టుబాటు లేకుండా ఏడు నెలల్లో ఊరు, బస్సులు, మనుషులు తెలుస్తాయి. ఆఫీసులో లీజు మీ పేరు మీదికి మార్చే ఫీజు ఎవరు కడతారో ముందే మాట్లాడుకోండి. పాతవాడు చేసిన నష్టం మీ ఖాతాలో పడకుండా, తాళాలు అందుకున్న రోజే గది వీడియో తీసి ఆఫీసుకు మెయిల్ చేయండి. టెక్సాస్‌లో అయితే జులైలో ఖాళీ చేసేటప్పుడు కొత్త చిరునామా రాతపూర్వకంగా ఇచ్చి వెళ్లాలి. అది ఇచ్చాకే, ఖాళీ చేసిన 30 రోజుల్లో డిపాజిట్ తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత ఓనరు మీద పడుతుంది.